ఎర్రబల్బు ఆర్పేశాక

డార్క్‌రూమ్ అనగానే ముందు గుర్తొచ్చేది ఎర్రబల్బు. సినిమాల్లో చూసిందే: ఎర్రటి వెలుతురులో, ట్రేలో ఆడుతున్న తెల్లకాగితం మీద ముందు జుట్టు, తర్వాత కళ్లు, ఆ తర్వాత ముఖమంతా తేలుతుంది. అది నిజమే గాని సగం నిజం. ఎర్రబల్బు కింద జరిగేది ప్రింటు వేసే పని. బ్రోమైడ్ కాగితానికి ఎరుపు సోకదు కనుక ఆ వెలుతురు చెల్లుతుంది. అంతకుముందు జరిగే నెగటివ్ కడిగే పనిలో దానికి చోటు లేదు. రీలును డబ్బాలోకి ఎక్కించేటప్పుడు స్టూడియోవాళ్లు ఎర్రబల్బును కూడా ఆర్పేసి, వేళ్ల తడుములాటతోనే పని కానిచ్చేవారు. ఆ కటికచీకట్లోకి ఇప్పుడు కొందరు సైనికుల నైట్ విజన్ గాగుల్స్ తగిలించుకుని దిగుతున్నారంటే విడ్డూరంగా తోస్తుంది. చీకటిగది చరిత్రను మొదటినుంచీ చూసుకుంటూ వస్తే ఆ విడ్డూరం పోతుంది. ఫోటోగ్రాఫరు చీకటిని ఏనాడూ కోరుకోలేదు. ప్లేటుకు తెలియకుండా తన కంటికి కనిపించే వెలుతురు కోసమే వెతికాడు. ఆ వెతుకులాటలో ఆలస్యంగా దొరికిన జవాబు ఈ గాగుల్స్.

1839లో డగేర్ ఫోటో తీసే పద్ధతి లోకానికి తెలిసిననాడు ఈ వెతుకులాట అవసరమే పెద్దగా లేదు. వెండి లవణాలకు సహజంగా తెలిసేది నీలం, ఊదా, అతినీలలోహిత కాంతి మాత్రమే. పసుపు, ఎరుపు వాటికి చీకటితో సమానం. అందుకే డగేర్ పాదరసపు పెట్టెకు చిన్న గాజు కిటికీ ఉండేది. కొవ్వొత్తి దగ్గర పెట్టుకుని, ఆవిరి తగులుతున్న ప్లేటు మీద బొమ్మ ఎంతవరకు వచ్చిందో అందులోంచి చూసేవారు. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ కొలోడియన్ ప్లేటును ప్రకటించాక గుడారాలకు, గదులకు పసుపుపచ్చ గాజు, పసుపుగుడ్డ కిటికీలు వచ్చాయి. తడి ఆరకముందే ప్లేటు మీద డెవలపర్ పోసి, కొన్ని సెకన్లలో పైకి వచ్చే బొమ్మను కళ్లతో చూస్తూ, ఇక చాలనిపించిన క్షణాన నీళ్లు పోసి ఆపేవారు. ఆ 'ఇక చాలు' అన్న నిర్ణయమే వాళ్ల పనితనం. అది పూర్తిగా కంటి మీద ఆధారపడింది.

1871లో రిచర్డ్ లీచ్ మ్యాడక్స్ జెలటిన్ పొడి ప్లేట్లకు దారి తీశాడు. ఆ తర్వాతి పదేళ్లలో వాటి వేగం బాగా పెరిగి, పసుపు కిటికీ పోయి కెంపురంగు లాంతరు వచ్చింది. అసలు మలుపు మాత్రం 1873లో బెర్లిన్‌లో వచ్చింది. కొన్ని రంగులను ఎమల్షన్‌లో కలిపితే అంతవరకు ఆకుపచ్చ తెలియని ప్లేటుకు అది తెలుస్తుందని హెర్మన్ విల్‌హెల్మ్ ఫోగెల్ కనిపెట్టాడు. అక్కణ్నుంచి ప్లేటు చూపు నెమ్మదిగా మనిషి చూపును అందుకుంది. 1906లో ఇంగ్లండ్‌లో రాటెన్ అండ్ వెయిన్‌రైట్ సంస్థ ఎరుపుతో సహా అన్ని రంగులూ గ్రహించే పాంక్రోమాటిక్ ప్లేట్లను అమ్మకానికి పెట్టింది. ఎర్రటి పెదవులు, పసుపు పూలు ఫోటోలో నల్లబడిపోయే లోపం వాటితో తీరింది. దానికి చెల్లించిన మూల్యం లాంతరు. కన్ను చూసే రంగులన్నీ ప్లేటూ చూస్తున్నప్పుడు గదిలో ఏ రంగు దీపం పెట్టాలి? ఈ నష్టం గురించి ఫోటోగ్రఫీ చరిత్రలు తక్కువగా మాట్లాడతాయి. రంగుల విలువలు సరిగ్గా రావడం ఎంత గొప్ప లాభమో, పనివాడు తన పనిని చూసుకోలేకపోవడమూ అంత పెద్ద లోటని నాకనిపిస్తుంది.

లోటును పూడ్చే ప్రయత్నాలు వెంటనే మొదలయ్యాయి. మొదటిది ముదురు ఆకుపచ్చ దీపం. చీకటికి అలవాటుపడిన కన్ను అన్నిటికన్నా బాగా పట్టుకునేది 507 నానోమీటర్ల దగ్గరి నీలిపచ్చ కాంతిని. కనుక అతి మసక దీపమైనా పనికొస్తుంది. సగం కడగడం అయ్యాక కొద్ది సెకన్లు వెలిగించి, నెగటివ్‌ను ఒక్క చూపు చూసి ఆర్పేయాలి. అమెరికాలో ఫోటోగ్రాఫరు ఎడ్వర్డ్ వెస్టన్ తన పెద్ద నెగటివ్‌లను ఇలా చూసుకుంటూనే పైరో డెవలపర్‌లో కడిగాడు. రెండో ప్రయత్నం రసాయనికమైనది. కడిగేముందు ఫినోసఫ్రనిన్ అనే రంగులో ముంచితే ప్లేటు స్పందన మందగిస్తుందని 1920లో జర్మనీకి చెందిన ల్యూపో-క్రామర్ చూపించాడు. మూడోది గడియారం. 1890లో హర్టర్ అనే రసాయనవేత్త, డ్రిఫీల్డ్ అనే ఇంజినీరు నలుపు సాంద్రతను కొలవడం నేర్పిన దగ్గర్నుంచీ, కాలం, ఉష్ణోగ్రత సరిగ్గా పాటిస్తే చాలు, చూడక్కర్లేదన్న వాదం బలపడుతూ వచ్చింది. మూకీల కాలంలో ఫిలింను చట్రాలకు చుట్టి ఎర్రదీపం దగ్గర చూస్తూ కడిగిన ల్యాబులు, పాంక్రోమాటిక్ ఫిలిం, శబ్దం వచ్చాక యంత్రాలకు మారాయి. గెలిచింది గడియారమే.

నాలుగో జవాబు ఫోటోగ్రఫీ బయట పుట్టింది. 1934లో నెదర్లాండ్స్‌లోని ఫిలిప్స్ పరిశోధనశాలలో హోల్స్ట్, డి బూర్ బృందం కంటికి కనపడని పరారుణ కిరణాలను కనిపించే బొమ్మగా మార్చే గొట్టం తయారుచేసింది. పరారుణం పడిన పూత నుంచి ఎలక్ట్రాన్లు లేస్తాయి. అవి ఎదుటి తెరను తాకి దాన్ని వెలిగిస్తాయి. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్లు వాంపిర్ అన్న పేరుతో, అమెరికన్లు స్నైపర్‌స్కోప్‌గా దీన్ని తుపాకులకు బిగించారు. తర్వాత వచ్చిన పరికరాలు నక్షత్రకాంతిని వేల రెట్లు పెంచడం నేర్చాయి గాని డార్క్‌రూమ్‌లో ఆ గొప్ప అక్కరకు రాదు. అక్కడ పెంచడానికి కాంతే ఉండదు, ఒక పరారుణ దీపాన్ని తెచ్చి వెలిగించుకోవాలి. యుద్ధకాలపు పాత పద్ధతే ఈ గదికి సరిపోయింది.

దీపం వెలిగిస్తే ఫిలిం పాడవదా అన్నది మొదటి అభ్యంతరం, న్యాయమైనది కూడా. 940 నానోమీటర్ల కాంతికణం శక్తి దాదాపు 1.3 ఎలక్ట్రాన్ వోల్టులు. మామూలు పాంక్రోమాటిక్ ఫిలిం స్పందన 650, 700 నానోమీటర్ల మధ్యలోనే పడిపోతుంది, అంటే దానికి ఇంచుమించు 1.8 ఎలక్ట్రాన్ వోల్టులైనా కావాలి. ఆ తక్కువ శక్తిని ఎమల్షన్ గుర్తించదు. అయితే 'పరారుణం' అన్న పేరుంటే చాలదు. 850 నానోమీటర్ల ఎల్‌ఈడీని చీకట్లో చూస్తే మందంగా ఎర్రగా కనబడుతుంది, ఆ ఎరుపు ఎంతవరకు హానికరమో పరీక్షించుకోవాలి. 940ది అలా కనబడదు గాని మంచి సైనిక గొట్టాలు చాలావరకు 900 దాటాక చూడలేవు. అందుకే ఈ పనికి ఖరీదైన గొట్టంకన్నా సిలికాన్ సెన్సరున్న చవక డిజిటల్ పరికరం నయం. ఇక పరారుణ ఫిలింలకు మాత్రం ఈ దీపం పనికిరాదు. కొన్ని 35 ఎంఎం కెమెరాలు ఫిలిం రంధ్రాలను లెక్కించడానికి లోపల వాడిన పరారుణ ఎల్‌ఈడీ, 900 నానోమీటర్ల దాకా చూడగల కొడాక్ హెచ్‌ఐఈ ఫిలిం అంచులను నల్లబరిచేది. పరీక్ష తేలికైనదే: చిన్న ఫిలిం ముక్క మీద నాణెం పెట్టి, దీపం కింద పని పట్టేంతసేపు ఉంచి కడగాలి. నాణెం నీడ వస్తే ఆ దీపం పనికిరాదు.

రెండో అభ్యంతరం ఇంతకన్నా లోతైనది. చేతికి అలవాటైతే చూపు ఎందుకు? ఆసుపత్రుల ఎక్స్‌రే డార్క్‌రూముల్లో చూపులేని ఉద్యోగులు ఎంతో సమర్థంగా పనిచేశారు. ట్యాంకులో రీలు కడిగేవారికి గడియారం చాలన్నదీ నిజమే. ఆ మేరకు నేను ఒప్పుకుంటాను, 35 ఎంఎం రీలు కోసం గాగుల్స్ కొనడం దండగ. కాని 8 బై 10 అంగుళాల షీట్లు ఆరింటిని ఒకే ట్రేలో వేసి, అడుగుది పైకి తీస్తూ కలపడం ఊహించండి. తడిసి మెత్తబడ్డ జెలటిన్ మీద పక్క షీటు మూల గీసుకుంటే ఆ గీత ఇక పోదు. పైగా ఒక్కో షీటు ఒక్కో వెలుతురులో తీసినదై ఉంటుంది, ఒకటి ముందు తీయాలి, ఇంకొకటి మరో రెండు నిమిషాలు ఉండాలి. గడియారం సగటు చెబుతుంది, ఎదుట ఉన్న షీటు సంగతి చెప్పదు. ఆర్చర్ కాలపు పనివాడికున్న 'ఇక చాలు' అన్న హక్కు ఇక్కడ తిరిగి వస్తుంది.

అయితే తిరిగి వచ్చేది అదే చూపు కాదు. పరారుణంలో కనిపించేది వెండి మాత్రమే. పైరో డెవలపర్ వెండితోపాటు ఒక పసుపు-గోధుమ మరకను వేస్తుంది, ప్రింటు కాగితం ముందు ఆ మరక కూడా సాంద్రతే. గాగుల్స్‌కు అది కనపడదు. వాటిని నమ్మి కడిగితే నెగటివ్ అనుకున్నదానికన్నా బరువెక్కుతుంది, కనుక మరక వాటాను అనుభవంతో తగ్గించుకుని ముందే ఆపాలి. ఒంటి గొట్టపు పరికరంలో లోతు తెలియదు. ట్రే అంచు ఎంత దూరంలో ఉందో చెయ్యే చెప్పాలి. చాలా గొట్టాల తెర ఆకుపచ్చగా వెలుగుతుంది, కన్ను ఆ రంగును బాగా పట్టుకుంటుందని అలా చేశారు. వెస్టన్ దీపానికి ఆకుపచ్చను ఎంచుకున్న కారణమూ దాదాపు ఇదే. ఆ తెర వెలుతురు మాత్రం పాంక్రోమాటిక్ ఫిలింకూ తెలుస్తుంది. అందుకే షీట్ల పెట్టె మూత తీయకముందే రబ్బరు కప్పును కంటి చుట్టూ బిగించుకోవాలి, మూత పెట్టేదాకా దాన్ని ముఖం నుంచి తీయకూడదు.