పది మిల్లీమీటర్ల పనితనం

పియానో తెల్లమీటను పూర్తిగా నొక్కితే దాని ముందు కొస దాదాపు 10 మిల్లీమీటర్లు దిగుతుంది. ఆలోగా లోపల ఫెల్ట్ తొడిగిన చెక్క సుత్తి ఒకటి సుమారు 45 మిల్లీమీటర్లు లేచి తీగను కొడుతుంది. మీట తీగ దాకా వెళ్లదు, సుత్తిని విసురుతుంది. తీగ ఇంకా రెండు మిల్లీమీటర్ల దూరంలో ఉందనగానే మీటకూ సుత్తికీ సంబంధం తెగిపోతుంది. ఆ తర్వాత వేలు ఎంత అదిమినా స్వరం మారదు. విసిరేటప్పుడు ఎంత వేగం అందిందో అదే స్వరబలం. వేలికి తెలిసే బరువు చాలావరకు ఆ సుత్తిదీ, దాన్ని ఎత్తే యంత్రాంగానిదీ. డిజిటల్ పియానోలో తీగే లేదు కాబట్టి సుత్తితో పని లేదు. అయినా మంచి డిజిటల్ పియానోల్లో మీటకు జోడించి సుత్తిలాంటి బరువు ఒకటి ఉంటుంది. కొనేవారు చెల్లించే ధరలో పెద్ద వాటా దానికే పోతుంది.

ఈ సుత్తిని మొదట పట్టాలెక్కించినవాడు బార్తొలొమియో క్రిస్టోఫొరి. పాడువాలో 1655లో పుట్టి, ఫ్లోరెన్స్‌లో మెదిచీ రాకుమారుడు ఫెర్దినాందో కొలువులో వాయిద్యాలు చేసేవాడు. అప్పటి సంపన్నుల ఇళ్లలో ఉన్న హార్ప్‌సికార్డ్ వీణలా తీగను మీటే వాయిద్యం. మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినా దాని ధ్వనిలో తేడా దాదాపు ఉండదు. 1700 నాటి మెదిచీ వాద్యాల జాబితాలో మెల్లగానూ బిగ్గరగానూ పలికే క్రిస్టోఫొరి వాయిద్యం కనిపిస్తుంది. తీగను సుత్తితో కొట్టించడం కష్టమేమీ కాదు. కొట్టిన సుత్తి తీగకు ఆని ఉండిపోతే నాదం అక్కడే చచ్చిపోతుంది, చిక్కంతా అదే. కొట్టే ముందే సుత్తిని వదిలేసే ఎస్కేప్‌మెంట్ అనే ఏర్పాటు క్రిస్టోఫొరి అసలు ఘనత. ఆయన పియానోలు మూడు మిగిలాయి. 1720 నాటిది న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో, 1722 నాటిది రోమ్‌లో, 1726 నాటిది లైప్‌జిగ్‌లో ఉన్నాయి.

మీట బరువు మీద ఫిర్యాదు రావడానికి ఎంతో కాలం పట్టలేదు. జర్మనీలో గాట్‌ఫ్రీడ్ సిల్బర్‌మన్ చేసిన తొలి పియానోలను చూసిన యొహాన్ సెబాస్టియన్ బాఖ్, పై స్థాయి స్వరాలు బలహీనంగా ఉన్నాయనీ మీటలు మరీ బరువుగా ఉన్నాయనీ అన్నాడని ఆయన శిష్యుడు అగ్రికోలా రాశాడు. సిల్బర్‌మన్ నొచ్చుకున్నాడు గానీ ఏళ్ల తరబడి పనిచేసి వాటిని సరిదిద్దాడు. ఆ తర్వాత బాఖ్ మెచ్చుకున్నాడు. 1777లో ఆగ్స్‌బర్గ్ వెళ్లిన మొజార్ట్, స్టైన్ అనే పనివాడి పియానోల్లోని ఎస్కేప్‌మెంట్‌ను పొగుడుతూ తండ్రికి ఉత్తరం రాశాడు. స్టైన్ బాటలో నడిచిన వియన్నా పియానోల మీటలు తేలికగా ఉండి తక్కువ లోతు దిగేవి. లండన్‌లో బ్రాడ్‌వుడ్ వంటివారి మీటలు బరువైనవి, లోతైనవి, ధ్వని కూడా పెద్దది. అంటే అసలైన పియానో స్పర్శ ఇదీ అని చూపించడానికి అప్పుడే ఒక్క నమూనా అంటూ లేదు. నేటి డిజిటల్ పియానోల ప్రకటనలు అనుకరించామని చెప్పేది పందొమ్మిదో శతాబ్దపు గ్రాండ్ పియానోను.

ఆ గ్రాండ్‌కు ప్రాణం పోసింది పారిస్‌కు చెందిన సెబాస్టియన్ ఎరార్. 1821లో పేటెంట్ పొందిన ఆయన డబుల్ ఎస్కేప్‌మెంట్ వల్ల మీట పూర్తిగా పైకి రాకముందే అదే స్వరాన్ని మళ్లీ కొట్టవచ్చు. ఒకే స్వరాన్ని గబగబా పలికించడం దాంతో సులువైంది. చిన్న వయసులోనే పారిస్ చేరిన పియానో విద్వాంసుడు లిస్ట్, ఎరార్ పియానోల మీద పేరు తెచ్చుకున్నాడు. షోపాన్ మాత్రం ప్లెయెల్ పియానోలను ఇష్టపడ్డాడు. ఆ తర్వాత ఇనుప చట్రం వచ్చింది, తీగల బిగువు పెరిగింది, సుత్తులు లావెక్కాయి. లావెక్కిన సుత్తిని వేలు ఎత్తగలిగేలా మీటల్లో సీసపు ముక్కలు పొదిగి తూకం సరిచేశారు. మంద్రస్థాయి సుత్తులు పెద్దవి, తారస్థాయి సుత్తులు చిన్నవి కాబట్టి ఎడమ నుంచి కుడికి వెళ్తున్నకొద్దీ మీటలు తేలికపడతాయి. డిజిటల్ పియానోల పెట్టెల మీద కనిపించే ‘గ్రేడెడ్ హ్యామర్’ అన్న మాటకు ఇదే అర్థం.

కరెంటు వచ్చాక తోవ చీలింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో గాయపడిన అమెరికా సైనికులు మంచం మీదే వాయించుకునేందుకు చిన్న పియానోలు చేయించిన హెరాల్డ్ రోడ్స్, తర్వాత తీగలకు బదులు లోహపు కడ్డీలను సుత్తితో కొట్టే ఎలక్ట్రిక్ పియానోను రూపొందించాడు. అందులో సుత్తి నిజమైనదే, యంత్రాంగం మాత్రం బాగా సరళం. పూర్తి ఎలక్ట్రానిక్ పియానోలు వచ్చేసరికి సుత్తే పోయింది. చాలా వాటిలో మీట వట్టి స్విచ్. ఎంత బలంగా నొక్కినా ఒకటే శబ్దం, అంటే క్రిస్టోఫొరికి ముందటి హార్ప్‌సికార్డ్ పరిస్థితే మళ్లీ వచ్చింది. ఈ లోటు తీర్చే ప్రయత్నంలో జపాన్‌కు చెందిన రోలాండ్ 1974లో ఈపీ-30 అనే మోడల్‌ను తెచ్చింది. వేలి బలాన్ని బట్టి ధ్వని మార్చిన తొలి ఎలక్ట్రానిక్ పియానోగా దానికి పేరుంది.

1983లో రెండు సంగతులు జరిగాయి. వేర్వేరు కంపెనీల ఎలక్ట్రానిక్ వాయిద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే మిడి ప్రమాణం వచ్చింది. యమహా తన క్లావినోవా వరుసను మొదలుపెట్టింది. మరుసటి ఏడాది అమెరికాలో రే కర్జ్‌వైల్ 250 మోడల్ వచ్చింది. నిజమైన పియానో స్వరాలను రికార్డు చేసి చిప్‌లో దాచిన ఆ వాయిద్యం వెనుక గాయకుడు స్టీవీ వండర్ ప్రోద్బలం ఉంది. మిడి లెక్కలో మీట దెబ్బకు 1 నుంచి 127 దాకా విలువలుంటాయి. 2020లో వచ్చిన మిడి 2.0లో అవి 65 వేలు దాటాయి. అయితే ఆ సంఖ్య ఎంత పెరిగినా వేలికి తెలిసే బరువు మారదు.

ఆ బరువు దగ్గరే కొనేవారు ఎక్కువగా మోసపోతారు. గ్రాండ్ పియానో కుడి పెడల్ తొక్కి ఉంచి, నడిమి మీట ముందు కొసన చిన్న తూకపు రాళ్లు పెడుతూ పోతే 50 గ్రాముల దగ్గర అది మెల్లగా దిగడం మొదలవుతుంది. స్ప్రింగు బిగించిన చవక కీబోర్డు మీటను కూడా సరిగ్గా 50 గ్రాములకు దిగేలా చేయవచ్చు. తక్కెడకు రెండూ ఒకటే, వేలికి కాదు. స్ప్రింగు కిందికి పోతున్నకొద్దీ ఎదురు తిరుగుతుంది. సుత్తి బరువు మొదట మొండికేసి, ఒకసారి కదిలాక తన ఊపుతో తానే సాగిపోతుంది. గట్టిగా కొట్టబోతే సుత్తి ఎక్కువగా నిరోధిస్తుంది, స్ప్రింగుకు ఆ వివేకం లేదు. వాయిద్యకారుల వేళ్లు ఏళ్ల తరబడి నేర్చుకునేది ఈ జడత్వాన్నే. అందుకే ‘సెమీ వెయిటెడ్’ అన్నది స్ప్రింగుకు కాస్త బరువు తగిలించిన మీట మాత్రమేననీ, ‘హ్యామర్ యాక్షన్’ అంటేనే మీటతో పాటు కదిలే వేరే బరువు లోపల ఉంటుందనీ గుర్తుంచుకోవాలి. ఆ బరువు చాలా మోడళ్లలో మీట కింద ఉండే చిన్న లోహపు తులాదండం.

సుత్తి వేగాన్ని కొలవడం సెన్సర్ల పని. మీట దారిలో రెండు చోట్ల సెన్సర్లు ఉంటే, మొదటిదాన్ని దాటి రెండోదాన్ని చేరడానికి పట్టిన సమయాన్ని బట్టి వేగం తెలుస్తుంది. అదే స్వరం మళ్లీ పలకాలంటే మీట మొదటి సెన్సర్ పైకి రావాలి. మధ్యలో మూడో సెన్సర్ ఉంటే సగం లేచిన మీట కూడా మళ్లీ పలుకుతుంది. ఎరార్ లోహం, చెక్కలతో సాధించిన పనిని ఈ మూడో సెన్సర్ చేస్తుంది. మధ్యశ్రేణిలో రోలాండ్ ఎఫ్‌పీ-30ఎక్స్ వంటివి మూడు సెన్సర్లతో వస్తాయి. వేగంగా వాయించేవారికి ఇది తప్పనిసరి హంగు.

ఎస్కేప్‌మెంట్ అనుకరణ గురించి అంత గట్టిగా చెప్పలేం. గ్రాండ్ మీటను చాలా మెల్లగా నొక్కితే దారి చివర చిన్న మెట్టు తగిలినట్టుంటుంది. డిజిటల్ పియానోల్లో ఆ అనుభూతి కోసం చిన్న రబ్బరు బొడిపె పెడతారు. మామూలు వేగంతో వాయిస్తే అది తెలియను కూడా తెలియదు. ప్రకటనల్లో దానికి దక్కే చోటు దాని ఉపయోగానికి మించినది. మీట పొడవు గురించి మాత్రం కరపత్రాలు అంతగా చెప్పవు, ముఖ్యమైనదేమో అదే. పైకి కనిపించే భాగానికి వెనుక మీట ఇంకా ఎంత పొడవుందో, అది ఆనే ఇరుసు ఎంత లోపల ఉందో చూడాలి. ఇరుసు దగ్గరగా ఉన్న పొట్టి మీటను నల్లమీటల మధ్య, లోపలి వైపు నొక్కితే రాయిలా బిగుసుకుంటుంది. సన్నటి, తేలికైన మోడళ్లకు ఉండే పెద్ద లోపం ఇదే. చెక్క మీటలా ప్లాస్టిక్ మీటలా అన్న చర్చ దీని తర్వాతిది. పైపూతకు పూర్వం ఏనుగు దంతం వాడేవారు. 1989లో అంతర్జాతీయంగా దాని వ్యాపారాన్ని నిషేధించడానికి ముందే తయారీదారులు చాలామంది ప్లాస్టిక్‌కు మారారు. ఇప్పుడు చెమటను పీల్చే గరుకు పూతలు వేస్తున్నారు.

అనుకరణ చాలదనుకున్నవారు అసలు యంత్రాంగాన్నే తెచ్చి పెట్టారు. 2009లో యమహా అవాంట్‌గ్రాండ్ ఎన్3లో గ్రాండ్ పియానో యాక్షన్‌ను యథాతథంగా అమర్చి, తీగల స్థానంలో సెన్సర్లు పెట్టింది. కేసియో 2015లో బెక్‌స్టైన్ సంస్థతో కలిసి ఆ దారికి దగ్గరగా వచ్చింది, కవాయ్ 2017లో నోవస్ ఎన్వీ10తో అదే దారి పట్టింది. క్రిస్టోఫొరి సుత్తి ఇక్కడ తీగ లేకుండానే ఎగిరి ఆగుతుంది. వీటి ధర సామాన్య కుటుంబానికి అందేది కాదు.

హైదరాబాద్, విశాఖ ఇళ్లలో పిల్లల సంగీతం సాధారణంగా 61 స్ప్రింగు మీటల కీబోర్డుతో మొదలవుతుంది. ట్రినిటీ కాలేజ్ లండన్ పరీక్షల్లో ఎలక్ట్రానిక్ కీబోర్డు, పియానో వేర్వేరు పాఠ్యక్రమాలు. మొదటిది రాసేవారికి ఆ కీబోర్డు చాలు. పియానో గ్రేడ్లు రాయాలనుకుంటే 88 మీటల హ్యామర్ యాక్షన్‌కు మారక తప్పదు, మార్పు ఎంత ఆలస్యమైతే వేళ్లు అంత ఇబ్బంది పడతాయి. సముద్రపు తేమలో అసలు పియానో చెక్క ఉబ్బి, శృతి తప్పుతుంది. శృతి చేసేవారు అన్ని ఊళ్లలో దొరకరు. కోస్తా పట్టణాల్లో డిజిటల్ వైపు మొగ్గడానికి ఇది బలమైన కారణం.

దుకాణంలో మొదట శబ్దం పూర్తిగా తగ్గించి వాయించాలి. బిగ్గరగా మోగే మీట తేలికగా తోస్తుంది కాబట్టి స్పీకర్లు మోగుతున్నంతసేపు బరువు అంచనాకు రాదు. నిశ్శబ్దంలో మీటల టకటకలు, పక్కకు ఊగే వదులు బయటపడతాయి. తర్వాత శబ్దం పెంచి, ఒకే మీటను సగం మాత్రమే వదులుతూ గబగబా కొట్టాలి. నల్లమీటల మధ్య లోపలి కొసను చిటికెన వేలితో నొక్కాలి. వీలైనంత మెల్లగా నొక్కినప్పుడు స్వరం సన్నగా పలుకుతుందో, అసలు పలకకుండా జారిపోతుందో చూడాలి. ‘టచ్’ సెట్టింగ్ మారిస్తే మీట బరువు మారుతుందని అమ్మకందారు చెబితే నమ్మనక్కర్లేదు. అది దెబ్బకు వచ్చే ధ్వనిని మాత్రమే మారుస్తుంది. వందల వాద్యాల శబ్దాలు, మెరిసే తెర ఉన్న మోడల్ కంటే, పది శబ్దాలే ఉన్నా మూడు సెన్సర్లు, పొడవైన మీటలు ఉన్న మోడల్ మేలు. శబ్దాలను తర్వాత కంప్యూటర్‌తో జోడించుకోవచ్చు, లోపలి యాక్షన్‌ను మాత్రం మార్చుకోలేరు.