హుయెముల్ ద్వీపపు రహస్యము



మన పల్లెలలో పరుసవేది కథ యెరుగనివారు లేరు. బైరాగి యొకడు ఊరిలోనికి వచ్చును. రాగిని బంగారముగ మార్చు మూలిక తనకడ గలదనును. మూలిక పేరడిగినచో గురువాజ్ఞ లేదనును. పదిమంది యెదుట కాచి చూపుమనినచో మంత్రము చెడునని వంక చెప్పును. కడకాతడు పోయిన పిదప గృహస్థునకు మిగులునది మసిపట్టిన మూస మాత్రమే. ఇట్టివి చదువెరుగని పల్లెలలోనే జరుగుననుకొనుట పొరపాటు. ఒక దేశాధ్యక్షుని కొలువులో, పరమాణువుల పేరిట, ఇరువదవ శతాబ్ది నడుమ నిట్టి కథయే నడచినది. దానిని నేడు మీకు మనవి చేయుదును.

1945 ఆగస్టులో హిరోషిమా, నాగసాకి నగరములపై అణుబాంబులు పడినవి. ఆ బాంబులను అమెరికావారు పరమరహస్యముగ తయారుచేసిరి. వేలకొలది జనులు తాము చేయుచున్న పని యేమియో తెలియకయే పనిచేసిరి. లోకమున కీ సంగతి వెల్లడియైన పిమ్మట మనుష్యుల నమ్మకములే మారిపోయెను. అదివరకు 'నేను రహస్యముగ మహాశక్తిని కనుగొంటిని' అని యెవడైన ననినచో జనులు నవ్వెడివారు. 1945 తరువాత నవ్వుటకు వెనుదీసిరి. 'ఏమో, నిజమేమో' యను సందేహమే మోసమునకును, భ్రమకును తలుపు తీసినది.

యుద్ధమున జర్మనీ ఓడిన పిమ్మట నచటి శాస్త్రజ్ఞులను, యంత్రనిపుణులను అనేక దేశములు పిలిపించుకొనినవి. దక్షిణ అమెరికాలోని అర్జెంటీనా దేశ మందొకటి. విమానములను రూపొందించుటలో ప్రసిద్ధుడైన కుర్ట్ టాంక్ అను జర్మను నిపుణుడు ఆ దేశపు కోర్డోబా పట్టణమున పనికి కుదిరెను. అతని సిఫారసుమీద 1948 ఆగస్టులో రోనాల్డ్ రిక్టర్ అను భౌతికశాస్త్రజ్ఞుడు వచ్చెను. ఇతడు 1909లో బొహీమియాలో పుట్టి, ప్రాగ్ నగరపు జర్మను విశ్వవిద్యాలయమున చదివినవాడు. భూకంపముల కొలతకు తన పేరిచ్చిన రిక్టర్ వేరు, ఈతడు వేరు.

రిక్టర్ అధ్యక్షుడైన పెరోన్ దర్శనము చేసి, సూర్యునిలో మండుచున్న యగ్నినే తాను ప్రయోగశాలలో మండించి అదుపులో నుంచగలననెను. పెరోన్ సైన్యములో పెరిగినవాడు, దేశమును శీఘ్రముగ పైకి తేవలెనను తొందర గలవాడు. ఇది యతని చెవి కింపుగ నుండెను.

సూర్యునిలో జరుగునది యేమి? ఉదజని పరమాణువుల కేంద్రకములు ఒకదానితో నొకటి కలిసి మరియొక పదార్థమగును. ఆ కలయికలో మహాశక్తి వెలువడును. అయితే యీ కేంద్రకములు సహజముగ నొకదాని నొకటి త్రోసివేయును. వానిని కలుపవలెననిన భయంకరమైన వేడి కావలెను. సూర్యగర్భమున నా వేడి సుమారు ఒకటిన్నర కోటి డిగ్రీలు. భూమిమీద పనికివచ్చునట్లు చేయవలెననిన పదికోట్ల డిగ్రీలైనను వలయును. అంత వేడిని నిలుపగల కుండ యీ లోకమున లేదు. చిక్కంతయు నిందే యున్నది.

మొదట కోర్డోబాలో ప్రయోగశాల నిచ్చిరి. అచట నగ్నిప్రమాదము జరిగెను. ఇది శత్రువుల పని యని రిక్టర్ పలికి, ఎవరును చొరలేని తావు కావలెననెను. ఆండీస్ పర్వతముల చెంత, బరిలోచె పట్టణమునకెదురుగ, నహుయెల్ హుయాపి యను పెద్ద సరస్సులో హుయెముల్ అను చిన్న ద్వీపము గలదు. దాని నిచ్చిరి. కావలి పెట్టిరి. పండ్రెండు మీటర్ల కాంక్రీటు కట్టడమును లేపిరి. అది పనికిరాదని రిక్టర్ చెప్పగా దానినే పడగొట్టిరి. ఏల కట్టితిమి, ఏల పడగొట్టితిమి యని యడుగుట కెవరికి నధికారము లేకపోయెను.

1951 ఫిబ్రవరిలో ప్రయోగము ఫలించెనని రిక్టర్ చెప్పెను. వేడిని సూచించు వర్ణపటపు ఛాయాచిత్రమున రేఖలు జరిగియుండుటయే దానికి గురుతట. సహాయకులలో నొకడు యంత్రము కొంచెము ఒరిగియుండెననియు, రేఖలు జరుగుట కదియే కారణము కావచ్చుననియు, ప్రయోగమును మరల చేయుట మంచిదనియు మనవి చేసెను. రిక్టర్ సమ్మతింపలేదు. ఈ చిన్న సంగతిని మీరు జ్ఞాపకముంచుకొనవలెను. కథకంతకు నిది కీలు.

1951 మార్చి 24వ తేదీన పెరోన్ పత్రికలవారిని పిలిపించి, పరమాణు కేంద్రకములను కలుపు విద్యను అర్జెంటీనా సాధించినదని చాటెను. రిక్టర్‌కు పతకమును, బ్యూనస్ ఐరిస్ విశ్వవిద్యాలయపు గౌరవ పట్టమును దక్కెను. ఇతర దేశముల శాస్త్రజ్ఞులు వివరములు చూపుమనిరి. వివరములు రహస్యమని యుత్తరము వచ్చెను.

మాసములు గడచినవి. ధనము కరగినది. దీపమైనను వెలుగలేదు. కడకు ప్రభుత్వమువారికే సందేహము గలిగి, 1952 సెప్టెంబరులో నొక పరిశీలక సంఘమును ద్వీపమునకు పంపిరి. అందు హొసే అంతోనియో బల్సేయిరో అను ముప్పదిమూడేండ్ల యువకుడు గలడు. ఇంగ్లండులోని మాంచెస్టరు నగరమున చదువుకొనుచున్నవానిని ఈ పనికై పిలిపించిరి.

రిక్టర్ ప్రయోగము చేసి చూపెను. రెండు విద్యుత్తు మొనల నడుమ మిరుమిట్లు గొలుపు మంట లేచినది. దానిలోనికి ఉదజనిని, లిథియమును పంపిరి. పెనుచప్పుడైనది. రిక్టర్ యంత్రముల ముండ్లు కదలినవి. సంఘమువారు తమవెంట గొనిపోయిన కొలత సాధనములు మాత్రము కదలలేదు. కేంద్రకములు నిజముగ కలిసినచో వెలువడవలసిన కిరణముల జాడ వానిలో లేదు. రిక్టర్ సాధనములను కదలించినది విద్యుత్తు మంట యలజడియే గాని వేరుకాదు. అట్టి మంట వేడి వేల డిగ్రీల లెక్కది. కావలసినది కోట్ల లెక్కది. సోలతో కొలిచి పుట్టియనుట వంటి దిది.

బల్సేయిరో ఉన్నదున్నట్లు వ్రాసి యిచ్చెను. దేశాధ్యక్షుడు లోకమెదుట చాటిన మాట తప్పని వ్రాయుట సులభము కాదు. రిక్టర్ మొఱపెట్టుకొనగా రిఛర్డ్ గాన్స్, అంతోనియో రొద్రిగెజ్ అను మరి యిద్దరు పండితులు విచారించి బల్సేయిరో మాటనే స్థిరపరచిరి. 1952 నవంబరులో పని యాగిపోయెను. 1955లో పెరోన్ పదవీచ్యుతుడయ్యెను. రిక్టర్ 1991లో అర్జెంటీనాలో గతించెను. అతడు లోకమును మోసగించెనో, తన్ను తానే మోసగించుకొనెనో నిర్ణయించుట కష్టము. ఫలితము మాత్రము రెంటికి నొక్కటియే.

ఆ ద్వీపపు పరికరములు వ్యర్థము కాలేదు. వానితోనే 1955లో బరిలోచెలో భౌతికశాస్త్ర విద్యాలయమును నెలకొల్పిరి. బల్సేయిరో దాని నడపి, 1962లో చిన్నవయసుననే మరణించెను. ఆ విద్యాలయము నేటికి నతని పేరిటనే యున్నది. కట్టుకథ పలికినవాని యంత్రములు నిజము పలికినవాని బడికి చేరినవి.

అట్లయిన సైన్యపు రహస్యములన్నియు బూటకములా యని మీరడుగవచ్చును. కావు. ఇంకొక యుదాహరణము చూడుడు. 1924లో గ్రిండెల్ మాథ్యూస్ అను ఆంగ్లేయుడు ప్రాణములు తీయు కిరణమును కనుగొంటిననెను. బ్రిటిషు విమానశాఖవారు, మేము చెప్పిన నిబంధనల ప్రకార మొక మోటారు ఇంజనును ఆపి చూపుము, వెయ్యి పౌనులిత్తుమనిరి. అతడు సమ్మతింపలేదు. 1935లో నదే శాఖవారు అట్టి కిరణము సాధ్యమా యని వాట్సన్ వాట్ అను రేడియో నిపుణు నడిగిరి. అతని సహాయకుడైన విల్కిన్స్ లెక్కకట్టి, అసాధ్యమని తేల్చెను. అయితే రేడియో తరంగములు విమానమునకు తగిలి వెనుకకు మరలును గావున దూరమున నున్న విమానము జాడ తెలిసికొనవచ్చుననెను. ముందు చేసి చూపుడు, పిదప ధనమిత్తుమని అధికారులనిరి. 1935 ఫిబ్రవరి 26వ తేదీన డావెంట్రీ రేడియో స్తంభముల తరంగములతో సుమారు ఎనిమిది మైళ్ల దూరపు విమానమును గుర్తించి చూపిరి. రాడారు పుట్టినది. అదియు పరమరహస్యమే. గోడలోపల జరిగినను పరీక్ష మాత్రము జరిగినది. కావున రహస్యము దోషము కాదు, పరీక్షకు లొంగని రహస్యమే దోషము.

కేంద్రకములను కలుపు విద్య కేవలము కలయని యనుకొనరాదు. పెరోన్ ప్రకటన చూచి నమ్మకపోయినను, ఆ విషయమును తలపోసి అమెరికాలో లైమన్ స్పిట్జర్ అను పండితుడు 1951లోనే నిజమైన పరిశోధన కుపక్రమించెను. మన హోమీ భాభా 1955లో జెనీవా సభకధ్యక్షుడై, ఇరువది యేండ్లలో నీ శక్తి వశము కాగలదని యాశపడెను. అది యాశయని చెప్పెనే గాని, అయిపోయినదని చెప్పలేదు. 2022 డిసెంబరు 5వ తేదీన అమెరికాలోని లివర్‌మోరున, గుళికకు తగిలిన కాంతిశక్తికంటె నెక్కువ శక్తి మొదటిసారి వెలువడెను. అయినను ఆ కాంతిని పుట్టించుటకు వ్యయమైన విద్యుత్తు దానికి ఎన్నోరెట్లు. ఈ కొలతలను వారే లోకమునకు వెల్లడించిరి. ఇంటి దీపము వెలిగించుట కింకను దారి మిగిలియున్నది.

మనకు దీనితో నేమి పని యందురా? మన తెలుగు జిల్లాలలోనే 'రైస్ పుల్లర్' అను పేరిట బియ్యపు గింజలను లాగు ఇరిడియము చెంబని చెప్పి తిరుగువారు పలుమార్లు పట్టుబడిరి. రక్షణశాఖవారు కోట్లిచ్చి కొందురట. శాస్త్రజ్ఞుడు పరీక్షింప వచ్చునట. అతని దారిఖర్చులకు ముందుగ లక్షలు కట్టవలెనట. ఎవరితో ననరాదట, దేశరహస్యమట. పొలములమ్మి యిచ్చినవారు గలరు. సిగ్గుచేత చెప్పుకొననివారును గలరు. చదువుకొన్న కొడుకులు సయితము వీరి మాటలలో పడుచుండగా, ఇంటిపెద్ద యడుగవలసిన ప్రశ్నలు మూడు. ఎవరి త్రాసుతో తూచితివి? నా త్రాసుతో తూచనిత్తువా? మరల చూపుమనిన చూపుదువా?

హుయెముల్ ద్వీపమున నీ మూడు ప్రశ్నలు నాలుగేండ్లు ఆలస్యముగ వచ్చినవి. ఆ యాలస్యమునకు ఒక దేశము వెలయిచ్చినది. మన యరుగుమీద నవి మొదటి పూటనే రావలెనని నా మనవి. సెలవు.