ర్యాంకు రాకుంటే ఏ కాలేజీ? కొత్తకోట దళిత విద్యార్థులు చూసుకోవాల్సినవి

ఇంటర్ ఫలితాలు రాగానే ప్రైవేటు కాలేజీల పీఆర్వోల ఫోన్లు మొదలవుతాయి. మార్కులు తక్కువున్నా సీటు ఇప్పిస్తామని, ఫీజు సర్కారే కడుతుందని చెబుతారు. కూలికి పోయే తల్లిదండ్రులు ఆ మాట నమ్మి సర్టిఫికెట్లు చేతిలో పెడతారు. అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: ఆ సీటు ఏ కోటాలో వస్తోంది?

కన్వీనర్ కోటా సీటైతే, ఆదాయ పరిమితికి లోబడిన ఎస్సీ విద్యార్థికి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంటుంది. మేనేజ్‌మెంట్ కోటాకు, స్పాట్ అడ్మిషన్‌కు ఉండదు. ప్రైవేటు యూనివర్సిటీల్లో రీయింబర్స్‌మెంటూ లేదు, ఎస్సీ రిజర్వేషనూ లేదు. రాజ్యాంగంలోని 15(5) అధికరణ ప్రైవేటు విద్యాసంస్థల్లోనూ రిజర్వేషన్‌కు వీలిస్తున్నా పరిస్థితి ఇదే.

ఇంజనీరింగ్ కావాలంటే: ఎప్‌సెట్‌లో ఇతరులకు 25 శాతం అర్హత మార్కులు కావాలి. ఎస్సీ, ఎస్టీలకు ఆ నిబంధన లేదు. ఇంటర్ గ్రూపు సబ్జెక్టుల్లో 40 శాతం ఉంటే చాలు. కాబట్టి ర్యాంకు పెద్దదైనా కౌన్సెలింగ్ వదులుకోవద్దు. వర్గీకరణ చట్టం 2025 ఏప్రిల్ 14 నుంచి అమల్లోకి వచ్చింది. 15 శాతం కోటా 1, 9, 5 శాతంగా మూడు గ్రూపులైంది. అంతకుముందు ఏళ్ల చివరి ర్యాంకులు ఉమ్మడి ఎస్సీ కోటావి. వాటితో ఇప్పటి అవకాశాన్ని లెక్కగట్టొద్దు.

డిగ్రీ కావాలంటే: 2016 నుంచి ప్రవేశాలు 'దోస్త్' ద్వారా జరుగుతున్నాయి. ఫోన్ నంబరు ఆధార్‌కు లింకై ఉండాలి. కుల, ఆదాయ ధ్రువపత్రాలు ముందే తీసుకోవాలి. వెబ్ ఆప్షన్లు విద్యార్థే పెట్టుకోవాలి. ఓటీపీ, పిన్ ఏ కాలేజీ వాళ్లకూ చెప్పొద్దు. చెబితే ఆప్షన్లు వాళ్లే పెట్టేస్తారు.

దగ్గరలో: వనపర్తిలో ప్రభుత్వ డిగ్రీ కాలేజీ, జేఎన్టీయూ ఇంజనీరింగ్ కాలేజీ ఉన్నాయి. పది తర్వాత డిప్లొమా చదవాలనుకునే వారికి, పాత సంస్థానం రాజభవనంలో నడిచే ప్రభుత్వ పాలిటెక్నిక్ కూడా అక్కడే ఉంది. మహబూబ్‌నగర్‌లో 2008లో ఏర్పడిన పాలమూరు యూనివర్సిటీ ఉంది. అమ్మాయిలకు సాంఘిక సంక్షేమ గురుకుల డిగ్రీ కాలేజీలున్నాయి. వాటిలో చదువుతో పాటు తిండి, వసతి ఉచితం.

చేరే ముందు అక్కడ చదివే సీనియర్లను మూడు సంగతులు అడగాలి. పాఠాలు చెప్పే లెక్చరర్లు ఉన్నారా? ఎస్సీ హాస్టల్ ఎంత దూరం? సర్కారు బకాయి పెడితే కాలేజీ సర్టిఫికెట్లు ఆపుతుందా? ఒరిజినల్స్ పరిశీలించి వెంటనే తిరిగి ఇవ్వాలని యూజీసీ 2018లోనే చెప్పింది. అయినా ఫీజు బకాయి పేరుతో వాటిని ఆపడం వల్ల పీజీ సీట్లు, ఉద్యోగాలు పోతున్నాయి.

లెక్చరర్ లేని కాలేజీలో, ట్యూషన్ లేకుండా, సెలవుల్లో పత్తి ఏరుతూ చదివి తెచ్చుకున్న మార్కులవి. వాటిని చూసి 'సగటు విద్యార్థి' అనేస్తారు. ఆ విద్యార్థి తప్పుడు కోటాలో చేరితే అప్పు ఇంటిమీద పడుతుంది, చదువు మధ్యలో ఆగుతుంది. సంఘాలు ఫలితాల రోజు నుంచే వాడల్లో కూర్చుని ఆప్షన్లు పెట్టించగలిగితే ఈ నష్టంలో చాలా భాగం ఆగుతుంది.