ఫర్మాను

ఫర్మానా అన్నది మన తెలుగు దేశంలో పాతమాటే. నిజాం రాజ్యంలో పుట్టి పెరిగినవారికి అది ప్రభువుగారి ఆజ్ఞ. ఉద్యోగం వచ్చినా, పన్ను మాఫీ అయినా, కొత్త బడి వెలసినా వెనుక ఒక ఫర్మానా ఉండేది. 1918లో హైదరాబాదు నగరాన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడినది కూడ ఫర్మానా మూలముననే. పారశీకంలో పుట్టిన ఈ మాట తురుష్క సుల్తానుల దర్బారులోనూ ఆ అర్థంతోనే చెల్లినది. కాని ఇరాకు దేశపు ఉత్తరభాగాన కొండల నడుమ బ్రతికే ఒక చిన్న ప్రజకు మాత్రం దీని అర్థం వేరు. వారి వాడుకలో ఫర్మాను అంటే ఊచకోత. సుల్తానుగారి ఆజ్ఞ వెంట సైన్యం వచ్చేది, సైన్యం వెంట చావు వచ్చేది; పోనుపోను ఆజ్ఞ పేరే చావుకు పేరైనది. 2014 ఆగస్టులో తమకు జరిగినదానిని వారు 74వ ఫర్మాను అని చెప్పుకుంటారు.

ఆ ప్రజను యజీదీలు అంటారు.

వీరిని గురించి ముచ్చటించవలెనన్న తలపు నాకు కలిగినది అప్పనపల్లిలో. రేడియో పనిమీద కోనసీమ పోయినప్పుడు ఒక సాయంత్రం వైనతేయ తీరాన, బాల బాలాజీ దేవాలయం సమీపంలో ఆగినాము. మా యంత్రసామగ్రి చూచి నలుగురూ చేరినారు. వారిలో ఒక నడివయస్సు ఇల్లాలు కువైటులో ఏళ్ళ తరబడి ఇంటిపని చేసి వచ్చినది. కోనసీమలో ఇది వింత కాదు. కొబ్బరితోటల నడుమ లేచిన కొత్త డాబాలలో ఎన్నింటికో సొమ్ము గల్ఫు దేశాలనుండి వచ్చినదే. 2014 వేసవిలో ఇరాకు వార్త అంటే అటువంటి ఇళ్ళన్నింటా గుండెలు దడదడలాడినవి. జూన్ 10వ తేదీన మోసుల్ నగరం ఇస్లామిక్ స్టేట్ అని పేరు పెట్టుకొన్న ముష్కర దళం చేతికి చిక్కినది. అక్కడ కూలికి పోయిన మన దేశస్థులు 39 మందిని వారు పట్టుకుపోయినారు. పంజాబు, హిమాచలప్రదేశ్, బీహారు, బెంగాలులకు చెందిన ఆ బీదవారు చనిపోయినారని ప్రభుత్వం పార్లమెంటులో ప్రకటించినది 2018 మార్చిలో. నాలుగేళ్ళపాటు ఇంటివారు ఎదురుచూస్తూనే ఉన్నారు.

ఆ ఆగస్టులో తాను పనిచేసే ఇంట టెలివిజనులో ఒక బోడికొండ, దానిమీద ఎండలో మాడుతున్న జనం కనిపించినారని ఆ ఇల్లాలు చెప్పినది. వాళ్ళెవరని అడిగితే, సైతానును కొలిచేవాళ్ళని తోటి పనివాళ్ళు ఎవరో అన్నారట. ఇన్నాళ్ళూ మనస్సులో పెట్టుకొన్న మాటను ఆమె నన్ను అడిగినది. "బాబుగారూ, మీరు సదువుకున్నోరు, నాకో మాట సెప్పండి. సైతాన్ని కొలిసేవోళ్ళు అలా పిల్లల్ని గుండెలకి అదుముకుని ఏడుత్తారా అండీ?"

ఒక నిమిషం నాకు నోరు పెగలలేదు. కారణం చెప్పవలసి ఉన్నది. ఆ ఆగస్టులోనే నేనొక చిన్న వార్తావ్యాఖ్య వ్రాసినాను. అందులో యజీదీలను పరిచయం చేస్తూ, దయ్యాన్ని కొలుస్తారని ప్రతీతి అని ఒక వాక్యం వేసినాను. ఎక్కడనో చదివినది, వినేవారి చెవిని పట్టి నిలపడానికి అక్కరకు వచ్చినది. అది ఎంత పాతదో, ఎంతమంది ప్రాణాలు తీసినదో ఆ తరువాత చదివి తెలుసుకున్నాను.

యజీదీలది కుర్దు భాష. మోసుల్‌కు ఉత్తరాన ఉన్న లాలిష్ లోయ వారి పుణ్యక్షేత్రం. నేటి లెబనాను ప్రాంతంలో పుట్టిన షేక్ ఆదీ అనే సూఫీ మహనీయుడు బాగ్దాదులో విద్య నేర్చి, ఈ లోయ చేరి, 1162 ప్రాంతాన ఇక్కడనే దేహం చాలించినాడు. ఆయన శిష్యుల బోధలు, ఆ కొండలలో అంతకుముందే ఉన్న నమ్మకాలు కలిసి ఒక మతమైనవి. దేవుడు ఒక్కడే. ఆయన లోకపాలనను ఏడుగురు దేవదూతలకు అప్పగించినాడు. వారిలో పెద్ద తావూసీ మెలెక్, అనగా నెమలి దూత. యజీదీలు సూర్యునికి అభిముఖంగా నిలిచి ప్రార్థిస్తారు. లాలిష్ నేలమీద పాదరక్షలు లేకుండ నడుస్తారు. ఏప్రిలు నెలలో ఒక బుధవారంనాడు, ఇంచుమించు మన ఉగాది వెళ్ళిన కొద్దినాళ్ళకు, గుడ్లకు రంగులు వేసి సంవత్సరాది చేసుకుంటారు. వారి విద్య అంతా కంఠస్థమే. కవ్వాలులు అనే గాయకులు తప్పెట, పిల్లనగ్రోవి పట్టుకొని ఊరూరా తిరిగి స్తోత్రాలు పాడతారు. హైదరాబాదులో ఖవ్వాలీ విన్నవారికి ఈ మాట చుట్టమే. ఈ మతంలోనికి బయటివారిని చేర్చుకొనరు. బయటివారిని పెండ్లాడినవారు తిరిగి లోనికి రారాదు.

ఇక సైతాను సంగతి. తాను సృజించిన ఆదాముకు మ్రొక్కుమని దేవుడు దూతలను ఆజ్ఞాపించినాడని, ఒకడు మ్రొక్కలేదని ముస్లిముల కథ. ఆ మ్రొక్కనివాడు గర్వించి పతనమై సైతాను అయినాడు. యజీదీల కథలోనూ మ్రొక్కని దూత ఉన్నాడు. కాని అది పరీక్ష. నాకు తప్ప అన్యులకు మ్రొక్కవద్దని దేవుడు ముందే చెప్పిన మాటను తావూసీ మెలెక్ ఒక్కడే గుర్తుపెట్టుకొని నెగ్గినాడు. కథ ఒక్కటే, తీర్పు రెండు విధాలు. ఇంతమాత్రానికే వీరికి సైతాను భక్తులని పేరు పడినది. నిజానికి సైతాను అన్న మాటను నోట పలుకుటే వారికి నిషిద్ధం.

నెమలిని చూచి వీరు మన సుబ్రహ్మణ్యేశ్వరుని భక్తులేనని, ఎప్పుడో దారితప్పిన హిందువులని మన దేశంలో కొందరు ఉత్సాహపడుతున్నారు. చరిత్రలో ఇందుకు ఆధారం లేదు. పైగా ఆ ఉత్సాహం నాకు నచ్చదు. చుట్టరికం కలిపితేగాని జాలి పుట్టదా?

పేరు పడిన తరువాత ఫర్మానులు వరుసగా వచ్చినవి. 1254లో మోసుల్ పాలకుడు బద్రుద్దీన్ లూలూ వారి నాయకుడైన షేక్ హసన్‌ను చంపించి, షేక్ ఆదీ ఎముకలను సమాధినుండి త్రవ్వించి కాల్పించినాడు. 1832లో రవాందుజ్ ప్రభువు, ఒంటికంటివాడు, ముహమ్మద్ పాషా వారి ఊళ్ళమీద పడినాడు. ప్రాణాలు అరచేత పట్టుకొని జనం టైగ్రిస్ నది ఒడ్డుకు పరుగెత్తినారు. ఏటికి ఆవల మోసుల్ కోట. వరద పొంగి ఉన్నది. పడవల వంతెన తీసివేసి ఉన్నారు. వరద గోదావరిలో బల్లకట్టు ఆగిపోయి గట్టున నిలబడినవారికి ఆ స్థితి కొంత తెలియును. ఈవలి ఒడ్డున కుయుంజిక్ అనే దిబ్బమీదికి ఎక్కినవారిని అక్కడనే నరికినారు. మరికొన్ని సంవత్సరాలకు లేయర్డు దొర అదే దిబ్బను త్రవ్వి నినెవే నగరపు శిల్పాలను వెలికితీసినాడు. 1846లో ఆయన లాలిష్ పండుగకు పోయి, యజీదీల మర్యాదను మెచ్చుకొని గ్రంథస్థం చేసినాడు. మళ్ళీ 1892లో ఉమర్ వహ్బీ పాషా వచ్చినాడు. లాలిష్ ఆలయం కొన్నేళ్ళపాటు మతపాఠశాల అయినది.

మొదటి ప్రపంచయుద్ధంలో జరిగిన ఒక సంగతి మాత్రం వేరు. 1915లో తురుష్క సామ్రాజ్యంలో ఆర్మీనియను క్రైస్తవులను ఊళ్ళకు ఊళ్ళు తరిమి చంపుతూ ఉండగా, తప్పించుకొన్నవారు కొందరు సింజార్ కొండకు చేరినారు. ఆ కొండమీద యజీదీల నాయకుడు హమ్మో షేరో. వారికి ఇళ్ళిచ్చి, తిండి పెట్టినాడు. అప్పగించుమని ప్రభుత్వం అడిగితే అప్పగించలేదు. 1918లో సైన్యం కొండమీదికి వచ్చినది. యజీదీలు ఆ దెబ్బ కూడ తిన్నారు. తొంబది ఆరేళ్ళ తరువాత తామే ఆ కొండమీదికి పరుగెత్తవలసి వచ్చినది.

అంతకుముందు 2007 ఆగస్టు 14వ తేదీన సింజార్‌కు దక్షిణాన రెండు ఊళ్ళలో ప్రేలుడు పదార్థాలు నింపిన లారీలు ప్రేలి సుమారు 500 మంది మరణించినారు. లోకం రెండు రోజులు విని మరచినది.

2014 ఆగస్టు 3వ తేదీ తెల్లవారకముందు ముష్కరులు సింజార్ ప్రాంతంమీద పడినారు. కాపలా ఉన్న కుర్దు సైనికులు ఊరివారికి చెప్పకనే తరలిపోయినారు. ఆ ప్రాంతపు యజీదీలు నాలుగు లక్షలు; అందరూ ఇల్లువాకిళ్ళు విడిచినారు. 50,000 మంది వరకు కొండెక్కినారు. నీడ లేదు, నీరు లేదు. ఆ తరువాత శిబిరాలలో ఇంటింటినీ విచారించి శాస్త్రజ్ఞులు 2017లో ప్రకటించిన లెక్క ప్రకారం కొద్దిదినాలలో సుమారు 3,100 మంది చనిపోయినారు, 6,800 మంది అపహృతులైనారు. చనిపోయినవారిలో ఇంచుమించు సగం కొండమీద ఆకలిదప్పులతో, గాయాలతో పోయినవారు. వారిలో అత్యధికులు పసివారు. విమానాలనుండి కొంత నీరు, ఆహారం జారవిడిచినారు. సిరియానుండి వచ్చిన కుర్దు యోధులు దారి తెరిచి వేలమందిని దించినారు.

కోచో అనే ఊరివారికి కొండ దూరం. మొదటిరోజుననే ఊరిని చుట్టుముట్టినారు. మతం మారండి, లేదా చావండి అని గడువు పెట్టినారు. క్రైస్తవులకు, యూదులకు గ్రంథమున్నదని, వారు సుంకం చెల్లించి బ్రతకవచ్చునని ఆ దళంవారి వాదన. గ్రంథం లేని సైతాను భక్తులకు ఆ వీలు లేదట. ఆగస్టు 15, మనకు జెండా పండుగ రోజు, ఊరివారినందరిని బడికి పిలిచినారు. డబ్బు, నగలు, టెలిఫోనులు పోగుచేయించినారు. మగవారిని బండ్లలో ఊరి బయటకు తీసుకుపోయి వందలకొద్దీ కాల్చినారు. పడుచులను, పిల్లలను వేరుచేసినారు. సోలాగ్ అనే చోట, అమ్ముడుపోరని తేల్చిన పెద్ద వయస్సు స్త్రీలను సుమారు 80 మందిని కాల్చి గోతిలో పూడ్చినారు. మిగిలిన ఆడపిల్లలను మోసుల్‌లో, సిరియాలోని రక్కాలో వెలకట్టి అమ్మినారు. ఆ అమ్మకం ధర్మమేనని అక్టోబరులో తమ పత్రికలో వ్యాసం అచ్చువేసుకొన్నారు. సైతాను భక్తులన్న పాతమాటే అందులోనూ ఆధారం.

యజీదీలలో కిరీవు అని ఒక ఆచారమున్నది. మగబిడ్డకు సున్తీ చేయునప్పుడు వానిని ఒడిలో పట్టుకొనే పెద్దను తరచు పొరుగు ముస్లిము కుటుంబంనుండి ఎన్నుకుంటారు. ఆనాటినుండి ఆ రెండు ఇళ్ళు ఒక్కటే. ఆ ఆగస్టులో పొరుగూళ్ళవారు కొందరు ముష్కరులతో కలిసినారని బ్రతికి బయటపడినవారు చెప్పినారు. ప్రాణాలకు తెగించి ఆడపిల్లలను దాచి దాటించిన ముస్లిము కుటుంబాలున్నవని వారే చెప్పినారు. రెండూ వ్రాయవలసినవే.

కోచో ఆడపడుచు నాదియా మురాద్ చెరనుండి తప్పించుకొని, తన కథను దేశదేశాల చెప్పి, 2018లో నోబెల్ శాంతి బహుమానం పొందినది. జరిగినది జాతినిర్మూలనమేనని ఐక్యరాజ్యసమితి విచారణ సంఘం 2016 జూన్‌లో తేల్చినది. 2021 నవంబరు 30వ తేదీన జర్మనీలో ఫ్రాంక్‌ఫర్టు న్యాయస్థానం ఒక ముష్కరుని ఆ నేరానికే యావజ్జీవం శిక్షించినది. అయిదేళ్ళ యజీదీ పిల్లను ఎండలో కట్టివేసి చంపినవాడు వాడు.

న్యాయస్థానాలకంటె నన్ను ఆపివేసినది లాలిష్‌లో జరిగిన మార్పు. చెరనుండి వచ్చిన స్త్రీలను ఏమి చేయవలెను? పరమతస్థుల చేతిలో పడినవారు లోనికి రారాదని కదా శతాబ్దాల కట్టు. వృద్ధుడైన మతాధిపతి బాబా షేక్, వీరు మన బిడ్డలే, ఏ దోషమూ లేదు, అందరూ ఆదరించవలసినదని శాసించినాడు. వారికి లాలిష్‌లోని ధవళోదక ఊటలో తిరిగి పవిత్రస్నానం చేయించినారు. ఎనిమిది వందల ఏళ్ళ కట్టుబాటు కొన్ని నెలలలో వంగినది. అయితే చెరలో పుట్టిన పసివారి విషయంలో వంగలేదు. 2019లో వారినీ చేర్చుకొందుమన్నట్లు ఒక ప్రకటన వచ్చి, కొన్నిదినాలకే సవరించబడినది. బిడ్డనా, ఇంటినా అన్న ప్రశ్న కొందరు తల్లుల ముందు అట్లే నిలిచిపోయినది.

ఆనాడు అప్పనపల్లిలో ఇదంతా చెప్పడానికి వ్యవధి లేదు. వారు సైతానును కొలవరమ్మా, ఆ పేరు ఇతరులు పెట్టినదని మాత్రం చెప్పి, నేను వ్రాసిన వాక్యం సంగతి కూడ ఒప్పుకున్నాను. ఆమె దానిని పట్టించుకోలేదు.

"ఆడపిల్లలు ఇళ్ళకొచ్చేసారా అండీ?" అన్నది.

సగానికి కొంచెం పైగా వచ్చినారని, పదేళ్ళు గడిచినా రెండున్నర వేలమందికి పైగా ఆచూకీ తెలియలేదని చెప్పినాను.

"వచ్చినోళ్ళకి అమ్మలున్నారాండీ?"

కొందరికి ఉన్నారన్నాను. సోలాగ్ మాట ఎత్తలేదు.