గోడ దాటిన శబ్దం – ఒక ప్రశ్న, రెండు సమాధానాలు

గోడకు ఆవల మాట్లాడుతున్న మనిషి కంఠం ఈవల కూర్చున్నవానికి ఎలా వినిపిస్తుంది? తలుపులు, కిటికీలు మూసివేసినా, గోడలో కంటికి కనిపించే రంధ్రమేదీ లేకపోయినా ఆ శబ్దం వచ్చి చెవిని చేరుతూనే ఉంటుంది. ప్రశ్న చిన్నదే. అయినా ఇది ముస్లిం విద్వాంసులను శతాబ్దాల తరబడి ఆలోచింపజేసింది. కొందరు దీనికి సమాధానం తర్కంలో వెదికారు. మరికొందరు పొరుగువారి తగాదాలు తీర్చే సందర్భంలో ఆ గోడ దగ్గరకే వెళ్ళి వెదికారు. ఈ రెండు ప్రయత్నాలను ప్రక్కప్రక్కన ఉంచి పరిశీలించటమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ ప్రశ్నను నేను మొదట విన్నది మదరసాలో. మాకు ఇల్మె కలాం పాఠం జరుగుతూ ఉండగా ప్రక్క గదిలోని హిఫ్జ్ విద్యార్థుల పారాయణం గోడగుండా వినిపిస్తూ ఉండేది. ఉస్తాద్ గారు ఆ గోడనే చూపి పాఠం చెప్పారు. కొన్నేళ్ళ తరువాత విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చదివేటప్పుడు అదే విషయం మరొక విధంగా విన్నాను. ఆ రెండు పాఠాలకు గల సంబంధం ఏమిటో అప్పట్లో నేను ఆలోచించలేదు. చాలాకాలానికి మాలికీ ఫిఖ్‌హ్‌కు సంబంధించిన కొన్ని పుటలు అనువదిస్తున్నప్పుడు ఆ ఆలోచన కలిగింది.

మొదట తత్వవేత్తల మాట చూద్దాం. ఇబ్నె సీనా (మరణం హిజ్రీ 428, క్రీ.శ. 1037) తన ‘అష్షిఫా’లోని ఆత్మశాస్త్ర భాగంలో ధ్వని పుట్టుకను గురించి వివరంగా చర్చించారు. రెండు వస్తువులు బలంగా ఢీకొన్నప్పుడు గాని, కలిసి ఉన్న వస్తువు బలంగా చీలినప్పుడు గాని వాటి నడుమనున్న గాలి వేగంగా నెట్టబడుతుంది. ఆ కదలిక అలగా సాగిపోయి చెవిలోపల నిలిచివున్న గాలిని కదిలిస్తుంది. దానినే మనం శబ్దంగా గ్రహిస్తాము. ఈ అలల కదలికకు వారు వాడిన అరబీ మాట ‘తమవ్వుజ్’. గాలి వంటి, నీరు వంటి ద్రవస్వభావం గల పదార్థమే దీనికి వాహకమని వారి అభిప్రాయం. ధ్వనిని తరంగంగా గుర్తించిన ఈ వివరణ ఎంతో విలువైనది. కాని గోడ సంగతి దీనికి అడ్డువచ్చింది.

ఇమామ్ ఫఖ్రుద్దీన్ రాజీ (మరణం హిజ్రీ 606, క్రీ.శ. 1210) మొదలైన విమర్శకులు ఈ సిద్ధాంతాన్ని నిశితంగా పరీక్షించారు. అజుదుద్దీన్ ఈజీ (మరణం హిజ్రీ 756, క్రీ.శ. 1355) రచించిన ‘అల్ మవాఖిఫ్’లోను, దానికి సయ్యద్ షరీఫ్ జుర్జానీ (మరణం హిజ్రీ 816, క్రీ.శ. 1413) వ్రాసిన వ్యాఖ్యలోను ఈ చర్చ క్రమబద్ధంగా కనిపిస్తుంది. ఆక్షేపణ సారాంశమిది: శబ్దం వినపడటానికి తరంగరూపంలో ఉన్న గాలి చెవిని చేరటం తప్పనిసరి అయితే, నాలుగు ప్రక్కల గోడ అడ్డమున్నప్పుడు మాట ఎలా వినిపిస్తున్నది? మాటలోని ఒక్కొక్క అక్షరానికి గాలిలో ఒక్కొక్క ప్రత్యేక ఆకృతి ఉండాలి గదా! ఆ ఆకృతి చెదరకుండా గాలి గోడలోనుండి దూరి రావటం ఊహకు అందే విషయమేనా?

దీనికి ఇచ్చిన సమాధానం ఇలా ఉంది. గోడలో కంటికి అందని సూక్ష్మరంధ్రాలు ఉంటాయి. వాటిని ‘మసామ్’ అంటారు. శబ్దాన్ని మోసే గాలి వాటిగుండానే ప్రయాణిస్తుంది. అడ్డమున్న వస్తువులో రంధ్రాలు తగ్గినకొద్దీ వినికిడి తగ్గుతుంది. అవి బొత్తిగా లేకపోతే శబ్దమే వినిపించదు. మా ఉస్తాద్ గారు చెప్పినదీ ఇదే.

ఈ సమాధానాన్ని నేటి విద్యార్థి చూసి నవ్వటం తేలిక. అది న్యాయం కాదు. మట్టిగోడకంటె రాతిగోడ గుండా తక్కువ వినిపిస్తుందన్నది వారి అనుభవం. ఆ అనుభవం నిజమే. రాతిలో రంధ్రాలు తక్కువ అన్నది కూడా నిజమే. కాని ఆ రెండింటినీ కార్యకారణాలుగా ముడివేయటంలో పొరపాటు జరిగింది. రాతిగోడ శబ్దాన్ని ఎక్కువగా ఆపటానికి ముఖ్యకారణం దాని బరువు. బరువుతో ఏమి సంబంధమని వారికి తోచకపోవటానికి కారణం ఒకటే. గోడ తానే కదులుతుందన్న సంగతి వారి ఆలోచనలోకి రాలేదు. గట్టి వస్తువు వారి దృష్టిలో కేవలం అడ్డంకి. అది వాహకం కాదు.

సరిగా అదే కాలంలో, అనగా హిజ్రీ 8వ శతాబ్దపు (క్రీ.శ. 14వ శతాబ్దపు) పూర్వార్ధంలో, హఫ్సీ సుల్తానుల రాజధాని ట్యూనిస్ నగరంలో ఇబ్నుర్రామీ అనే ఒక తాపీమేస్త్రీ ఉండేవారు. గోడలు, దారులు, మురుగు కాలువలు, కిటికీలు వీటిపై తగాదాలు వచ్చినప్పుడు కాజీ ఆయనను నిపుణుడుగా పంపేవారు. ఆయన చూచి వచ్చి చెప్పిన దాన్నిబట్టి తీర్పు జరిగేది. ఆ అనుభవాన్నంతా మాలికీ ఫఖీహుల అభిప్రాయాలతో జోడించి ఆయన ‘అల్ ఇలాన్ బి అహ్కామిల్ బున్యాన్’ అనే గ్రంథం వ్రాశారు. పొరుగువాడు దూలం ఆనించుకోవటానికి తన గోడను నిరాకరించవద్దని దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) బోధించిన సంగతి పాఠకులకు తెలిసినదే. గోడ ఉమ్మడిగా ఉన్నచోట దూలం ఆనుతుంది, దానితోపాటు ఒకరి ఇంటి అదురు మరొకరి ఇంటిలోకి పోతుంది. కనుక ఈ తగాదాలు సహజం.

వానిలో ఒకటి పశువులు త్రిప్పే తిరగలి తగాదా. ఒకడు తన ఇంట తిరగలి పెట్టాడు. దానివల్ల తన గోడ అదురుతున్నదని పొరుగువాడు ఫిర్యాదు చేశాడు. తిరగలివాడు కాదన్నాడు. ఎవరి మాట నమ్మాలి? ఇబ్నుర్రామీ వర్ణించిన పరీక్ష ఇది: ఒక కాగితం తీసుకొని నాలుగు మూలలా నాలుగు దారాలు కట్టాలి. ఆ దారాలను పైన ఒకటిగా ముడివేసి, తిరగలికీ ఇంటికీ మధ్యనున్న గోడమీద ఆనిన పైకప్పుకు వ్రేలాడదీయాలి. కాగితంమీద ఎండు ధనియాలు వేయాలి. ఆ తరువాత తిరగలి త్రిప్పమనాలి. ధనియాలు కదిలితే తిరగలి తీసివేయమని దాని యజమానికి చెప్పాలి. కదలకపోతే పొరుగువానికి హాని లేదు కనుక తిరగలిని సాగనివ్వమని ఫిర్యాదీకి చెప్పాలి.

శబ్దం ఒక్కటే అభ్యంతరానికి చాలునా అన్న విషయంలో మాలికీ పండితుల మధ్య భేదాభిప్రాయాలున్నాయి. గోడకు కలిగే అదురు మాత్రం తొలగించవలసిన హానిగానే పరిగణింపబడింది. ఇక్కడ మనం గమనించవలసినది, మేస్త్రీకి గోడ కదులుతుందా లేదా అన్న సందేహమే లేకపోవటం. ఎంత కదులుతుందో కంటికి చూపటమే ఆయన సమస్య.

యూరపులో ఈ విషయం శాస్త్రపరీక్షకు వచ్చింది చాలా తరువాత. 1787లో జర్మన్ శాస్త్రజ్ఞుడు క్లాడ్నీ లోహపు పలకలమీద ఇసుక చల్లి, అంచును వయొలిన్ కమానుతో రాచి, పలక ఏయే చోట్ల కంపిస్తున్నదో ఇసుక గీతలలో చూపించాడు. 1808లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బియో పారిస్‌లో కొత్తగా వేసిన 951 మీటర్ల ఇనుప నీటిగొట్టాల వరుసకు ఒక చివర దెబ్బ కొట్టించాడు. రెండవ చివర రెండు శబ్దాలు వినిపించాయి. మొదటిది ఇనుముగుండా వచ్చినది, రెండవది గొట్టంలోని గాలిగుండా వచ్చినది. రెండింటి నడుమ దాదాపు రెండున్నర సెకండ్ల వ్యవధి ఉన్నది. దీనితో ‘మసామ్’ వాదానికి తావు లేకుండా పోయింది. గట్టి వస్తువు శబ్దాన్ని మోయటమే కాదు, గాలికంటె ఎన్నో రెట్లు వేగంగా మోస్తుంది. గాలిలో శబ్దవేగం సెకండుకు సుమారు 340 మీటర్లు, నీటిలో సుమారు 1,500, ఉక్కులో సుమారు 5,000.

నేడు తెలిసిన సంగతి సంగ్రహంగా ఇది. మాట గోడను తాకినప్పుడు గాలి ఒత్తిడికి గోడ అతి స్వల్పంగా ముందుకు వెనుకకు కదులుతుంది. అవతలి ముఖం అక్కడి గాలిని తిరిగి కదిలిస్తుంది. ఆ ప్రక్క చెవికి అందేది ఆ కొత్త తరంగం. కనుక ఆకృతి చెదరకుండా గాలి దూరి రావలసిన అవసరమే లేదు. గోడ ఎంత బరువైతే అంత తక్కువ కదులుతుంది. బరువు రెట్టింపైతే దాటే శబ్దం సుమారు 6 డెసిబెళ్ళు తగ్గుతుంది. అయితే రంధ్రాల మాట పూర్తిగా త్రోసివేయదగినది కాదు. గోడ వైశాల్యంలో నూరవవంతు సందు ఉన్నా చాలు, తక్కిన గోడ ఎంత దళసరి అయినా, శబ్దశక్తిలో దాదాపు నూరవవంతు దానిగుండా వెళ్ళిపోతుంది. ఇక రోలు, తిరగలి, యంత్రం వంటివి నేలను, గోడను నేరుగా కొడతాయి. అవి పుట్టించే కంపనం కట్టడమంతటా ప్రాకుతుంది. దానికి విరుగుడు కట్టడంతో స్పర్శ తప్పించటం, నడుమ ఎడం వదలటం. గోల్కొండలో ఫతే దర్వాజా వద్ద చప్పట్లు కొడితే బాలాహిస్సార్‌పై వినిపించటాన్ని కొందరు ఇందుకు ఉదాహరణగా చెబుతారు. అది వేరు. అక్కడ ధ్వని గుమ్మటం నుండి పరావర్తనం చెంది గాలిలోనే ప్రయాణిస్తుంది.

ఈ చరిత్రనుండి మనం గ్రహించవలసిన దేమిటి? ఆధునిక విజ్ఞానమంతా మన గ్రంథాలలో ముందే ఉన్నదని చెప్పుకునే అలవాటు మనలో కొందరికి ఉన్నది. ఇబ్నుర్రామీ ఘనపదార్థాలలో ధ్వని సిద్ధాంతాన్ని కనిపెట్టలేదు. ఆయనకు కావలసినది న్యాయానికి సాక్ష్యం మాత్రమే. క్లాడ్నీ ఇసుకకు ఆయన ధనియాలు మూలమని చెప్పటానికి ఆధారమూ లేదు. అలాగని మన పూర్వికులు వట్టి మాటల మనుషులని ఈసడించేవారి వాదమూ నిలువదు. లోపం ఎక్కడ జరిగిందంటే, ప్రశ్న కలాం గ్రంథంలో ఉండిపోయింది, పరీక్ష ఫిఖ్‌హ్ గ్రంథంలో ఉండిపోయింది. మదరసాలలో తరతరాలుగా మొదటిదాన్ని కంఠస్థం చేసినవారికి, రెండవది తాపీపనివాని పుస్తకమే గదా అనిపించి ఉండవచ్చును. నా విషయంలో జరిగినది అదే.

నేడు మన ఇండ్లు ఒకే గోడకు, ఒకే కప్పుకు ఆనుకొని లేస్తున్నాయి. ఒకరి నీటిమోటారు, పిండిమర, కుట్టుయంత్రం, పైఅంతస్తు రోకటిపోటు మరొకరి నిద్రలోకి, నమాజులోకి, రోగి మంచం దగ్గరకు గోడగుండా చేరుతున్నాయి. పొరుగువాని హక్కును గురించి మనం ఉపన్యాసాలు చాలా వింటున్నాం. ట్యూనిస్ మేస్త్రీ పరీక్షలో ఉపన్యాసం లేదు. అందులో ఇద్దరికీ రక్షణ ఉన్నది. ధనియాలు కదిలితే యంత్రం యజమాని తన లాభం సాకుగా చెప్పి తప్పించుకోలేడు. కదలకపోతే ఫిర్యాదీ తన కోపంతో ఒకని జీవనోపాధిని మాన్పించలేడు. తగవు వచ్చినప్పుడు గొంతు పెంచటానికి ముందు గోడ దగ్గరకు వెళ్ళి చూడటం నేర్చుకుంటే, ఆ మేస్త్రీ గ్రంథాన్ని మనం నిజంగా చదివినట్లు.