తిరుమణి దారిలో రెండున్నర యూనిట్లు

ముందు టాపు మీదికెక్కి కంబళి పరవాలి.

మార్చి నెల. ఉదయం తొమ్మిదిన్నర. పావగడ నుంచి తిరుమణి పోయే దారి పక్కన, కానుగ చెట్టు కింద మా పాత టెంపో ట్రావెలర్ ఆగి ఉంది. నీడ సగం బండికే సరిపోయింది. టాపు మీది రెండు సోలార్ పలకలకు ఎండ సూటిగా తగులుతోంది. మీరు నిచ్చెన గట్టిగా పట్టుకోండి, నేను ఎక్కుతాను. రేకు అప్పుడే కాలుతోంది. చల్లకెరెలో కొన్న నల్ల గొర్రెబొచ్చు కంబళిని పలకల మీద కప్పి, అంచుల మీద నాలుగు రాళ్ళు పెడతాను. వెలుతురు పడినంతసేపూ పలకల తీగల్లో ప్రాణం ఉన్నట్టే. పలకలు పనిచేస్తుండగా బ్యాటరీ ఊడబెరికితే మధ్యలో ఉన్న కంట్రోలర్ కాలిపోవచ్చు. అందుకే మొదట వాటికి చీకటి చేయాలి.

ఇప్పుడు మీరూ ఒక్క మెట్టు పైకెక్కి అటు చూడండి. ఒకప్పుడు శెనక్కాయల చేలున్న నేల మీద నీలం రంగు పరుచుకొని ఉంది. చెరువేమో అనుకుంటారు. ఈ సీమలో అంత నీళ్ళెక్కడివి? అవి పలకలు. తిరుమణి, బళసముద్ర, వళ్ళూరు, క్యాతగానచెర్లు, రాయచెర్లు అనే ఐదు ఊళ్ళ పొలాల్లో 13,000 ఎకరాల మేర వరుసలు కట్టి ఉన్నాయి. 2018 మార్చి 1న మొదలైన సోలార్ పార్కు 2019 చివరికి 2,050 మెగావాట్లకు చేరింది. రైతులు భూమి అమ్మలేదు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో మొదలుపెట్టి, రెండేళ్ళకోసారి పెరిగేలా 28 ఏళ్ళకు కౌలుకిచ్చారు. వానలు మొహం చాటేసిన ఊళ్ళలో అది ధైర్యమే. సొంత చెక్క లేని కూలికీ, మంద తోలుకుపోయే గొర్రెలకాపరికీ మాత్రం ఆ కౌలులో పాలు లేదు. ఇక్కడికి వచ్చినప్పుడల్లా నాకు ఆ మాటే గుర్తొస్తుంది.

మా టాపు మీదున్నది 400 వాట్లు. అక్కడున్నది దానికి 51 లక్షల రెట్లు. అయినా ఇద్దరికీ కష్టం ఒకటే. పొద్దు గుంకితే పలక పలకే, కరెంటు ఉండదు.

"అన్నా, కప్పిండావా? తీస్తా ఉండా మరి," కింద నుంచి కేక. పావగడలో ఆటోలకు వైరింగు చేసే కుర్రాడు. మూడు వైపులా ఆంధ్ర ఉన్న కర్ణాటక తాలూకా ఇది. బోర్డులన్నీ కన్నడంలో ఉంటాయి, నోళ్ళన్నీ తెలుగు మాట్లాడతాయి. కరెంటు ఆటోల లిథియం ప్యాకులు విప్పి విప్పి ఇతనికి చెయ్యి తిరిగింది. మల్టీమీటరు ముల్లు ఆనించి, పలకల వైపు వోల్టేజీ పడిపోయిందని చూసుకున్నాకే స్పానర్ ఎత్తాడు. మొదట మైనస్, తర్వాత ప్లస్. ఈ వరుస ఎందుకంటే, ప్లస్ విప్పుతుండగా స్పానర్ బండి బాడీకి తగిలినా నిప్పులు రాలవు, మైనస్ అప్పటికే విడిపోయి ఉంటుంది కనుక.

సీటు కింద అర తీశాక పుల్లని ఘాటు వాసన ముక్కుకు తగులుతుంది. ఆసిడ్. పాత ట్యూబులర్ బ్యాటరీ చుట్టూ రేకు తెల్లగా పొడిబారి, తుప్పు పొరలు లేచి ఉంది. ఒక చెవి మీరు పట్టుకోండి, ఒకటి నేను. యాభై కిలోల పైమాటే, నడుము జాగ్రత్త. కింద దించాక ఆ చోటంతా వంట సోడా కలిపిన నీళ్ళతో కడుగుతుంటే బుసబుసమని నురగ వస్తుంది. నురగ ఆగేదాకా కడగాలి.

దీని మీద 150 ఆంపియర్ అవర్లని రాసి ఉంది. రాసిందంతా వాడుకోవడానికి లేదు. సీసం బ్యాటరీని సగానికంటే కిందికి దింపుతూ పోతే లోపలి సీసపు పలకల మీద సల్ఫేటు గట్టిపడి, మళ్ళీ నిండే శక్తి తగ్గిపోతుంది. అంటే కొన్న రోజునే మనది డెబ్బై అయిదు. రెండు ఎండాకాలాలు గడిచాక అదీ లేదు. పోయిన ఏడు ఘాటి సుబ్రహ్మణ్యం గుడి దగ్గర రాత్రి మూడు గంటలకు ఫ్రిజ్ ఆగిపోయింది. తెల్లవారి చూస్తే పెట్టె గోరువెచ్చగా ఉంది. లోపల అమ్మ ఇన్సులిన్. కొత్త సీసాలు రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి. అవి ఎంతసేపు వేడెక్కాయో తెలియక అన్నీ పారేశాం. ఆ ఉదయం అమ్మ ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

అమ్మకు 74. మోకాళ్ళు మొరాయించాక లాడ్జీ మెట్లు ఎక్కలేదు, అందుకే ఈ మంచమున్న బండి. కుక్కె ఆది సుబ్రహ్మణ్యం, ఘాటి మధ్య, నాగలమడికె అంత్యం. మూడూ చూడాలని ఆమె మొక్కు. రెండయ్యాయి. మూడోది ఈ తాలూకాలోనే, ఉత్తర పినాకిని ఒడ్డున ఉంది. ఇప్పుడు చెట్టు కింద నులక మంచం మీద కూచుని శెనక్కాయలు ఒలుస్తోంది.

"ఏం నాయనా, ఇంత చిన్న పెట్టెనా? దానికంటే ఎక్కువ కరెంటు ఇస్తాదా?"

"ఇస్తాది అవ్వా. రెండింతల పైనే."

కొత్త పెట్టెను కుర్రాడు ఒంటరిగానే ఎత్తుకొచ్చాడు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్, 200 ఆంపియర్ అవర్లు. లోపల నాలుగు మెట్ల సెల్లులు, ఒక్కో మెట్టు 3.2 వోల్టులు, కలిపితే 12.8. లెక్క వేస్తే రెండున్నర యూనిట్ల కరెంటు. అందులో ఎనభై, తొంభై శాతం బెంగ లేకుండా వాడుకోవచ్చు. ఈ రసాయనాన్ని 1997లో టెక్సస్ విశ్వవిద్యాలయంలో లోకానికి చూపిన ముగ్గురిలో ఇద్దరు అక్షయ పాఢి, కె. ఎస్. నంజుండస్వామి. మూడో ఆయన వారి ఆచార్యుడు జాన్ గుడినఫ్, 2019లో 97 ఏళ్ళ వయసులో నోబెల్ అందుకున్నాడు. ఫోన్లలో వాడే కోబాల్టు రకంతో పోలిస్తే ఇది వేడికి తొందరగా చెదరదు. బండిలో అమ్మ మంచం కింద పెట్టడానికి నేను ఒప్పుకున్నది అందుకే.

పెట్టె మార్చితే పని అయిపోతుందని నేనూ అనుకున్నాను. కుర్రాడు నవ్వాడు. "పెట్టె పది నిమిషాల పని అన్నా. దాని చుట్టూ ఉండేదంతా మార్చాల."

చూడండి, అతని చేతిలో నల్ల కేబుల్. 35 చదరపు మిల్లీమీటర్లు, చిటికెన వేలంత లావు. పాతది దీనికంటే చాలా సన్నం. పన్నెండు వోల్టుల మీద వెయ్యి వాట్లు లాగాలంటే ఎనభై ఆంపియర్ల పైన పారాలి. సన్న తీగలో అది వేడిగా మారిపోతుంది. రాగి లగ్గులోకి తీగ దూర్చి, హైడ్రాలిక్ ప్రెస్సుతో నొక్కి, కాలితో తొక్కిపట్టి రెండు చేతులా లాగి చూశాడు. రాలేదు. మీరూ ఒకసారి లాగండి. ఈ లాగి చూసే అలవాటు లేని చేతికి నా బండి ఇవ్వను.

తర్వాత ఫ్యూజు. టెర్మినల్‌కు జానెడు దూరంలో, క్లాస్ టి రకం, 125 ఆంపియర్లది. సీసం బ్యాటరీ కంటే దీని లోపలి నిరోధం చాలా తక్కువ. తీగ ఎక్కడైనా బాడీకి తగిలితే వేల ఆంపియర్లు ఒక్కసారి దూకుతాయి. మామూలు ఫ్యూజు కరిగినా, ఆ మంట తీగ ఖాళీలోంచే సాగిపోవచ్చు. ఈ రకం 20,000 ఆంపియర్లను కూడా తెంపగలదు. ధర చూసి నాకూ చెయ్యి వెనక్కి పోయింది. అమ్మ మంచం చూసి ముందుకొచ్చింది.

ఇక ఇంజను వైపు. ఆల్టర్నేటర్‌ను ఇక్కడ అందరూ డైనమో అనే అంటారు. పాత బ్యాటరీ నిండేకొద్దీ తానే తాగడం తగ్గించేది. లిథియం దాహం అట్లాంటిది కాదు, ఎంత పోసినా చివరిదాకా తాగుతుంది. ఘాట్ రోడ్డులో ఇంజను మెల్లగా తిరుగుతుంటే డైనమో ఫ్యాను కూడా మెల్లగానే తిరుగుతుంది. అప్పుడు నిండు లోడు పడితే చుట్టలు మాడిపోతాయి. అందుకని రెండు బ్యాటరీలను నేరుగా కలిపే పాత రిలే తీసేసి, మధ్యలో 30 ఆంపియర్ల డీసీ ఛార్జర్ పెట్టాం. ఇంజను ఎంత ఇవ్వగలిగినా ఇటు 30కి మించి రాదు. ఇంటి కోసం కొన్న పాత ఇన్వర్టరూ పోయింది. దాని ఛార్జరుకు ట్యూబులర్ లెక్క తప్ప వేరేది తెలియదు.

పన్నెండున్నర. గాలి ఆగిపోయింది. చొక్కాలు వీపులకు అతుక్కున్నాయి. అమ్మ మజ్జిగ గ్లాసులు అందిస్తోంది, మీరూ తీసుకోండి. కుర్రాడు కొత్త ఇన్వర్టర్ తీగను టెర్మినల్‌కు నేరుగా తాకించలేదు. మధ్యలో పాత హెడ్‌లైటు బల్బు పట్టుకున్నాడు. బల్బు ఒక్క క్షణం ఎర్రగా వెలిగి ఆరిపోయింది. ఇన్వర్టర్ లోపలి కెపాసిటర్లు ఆ క్షణంలో నిండాయి. ఇప్పుడు బోల్టు బిగిస్తే నిప్పురవ్వ కూడా లేదు. నాకు ఆ బల్బు ఉపాయం ఎంత నచ్చిందో చెప్పలేను.

ఫ్రిజ్ వేశాం. గుర్రుమంది. కానీ కొత్త మీటరు చూడండి, 0.1 ఆంపియర్ అంటోంది. కంప్రెసరు తిరుగుతుంటే మూడు దాటాలి. ఇద్దరం మోకాళ్ళ మీద కూర్చుని టార్చి వేసి వెతికాం. పావుగంటకు దొరికింది. ఫ్రిజ్ మైనస్ తీగ, మీటరు కోసం కరెంటును కొలిచే షంట్ దాటకుండా, పాత అలవాటుకొద్దీ నేరుగా బ్యాటరీకే బిగించి ఉంది. అది నేను బిగించిందే. ఈ బ్యాటరీ వోల్టేజీ ముప్పాతిక ఉన్నా సగమున్నా ఇంచుమించు ఒకేలా కనిపిస్తుంది, 13.2, 13.1 అని. పాతదానిలా వోల్టు చూసి ఎంత మిగిలిందో చెప్పలేం. వచ్చిన ప్రతి ఆంపియర్నూ, పోయిన ప్రతి ఆంపియర్నూ షంట్ లెక్కపెట్టాలి. ఒక్క తీగ దొంగదారిన పోయినా లెక్క మొత్తం అబద్ధమే. తీగ మార్చాం. 3.4.

కంబళి తీసేసి, బండిని చెట్టు కింద నుంచి ఎండలోకి జరిపాం. సోలార్ కంట్రోలర్‌లో కుర్రాడు అంకెలు ఒక్కొక్కటే నొక్కుతున్నాడు. ఛార్జింగ్ 14.2, ఫ్లోట్ 13.5, ఈక్వలైజ్ బంద్. సీసానికి అప్పుడప్పుడు 15 దాటించి ఉడికించడం మందు, దీనికి అది విషం. పెట్టె లోపలి బీఎంఎస్ అనే కాపలాదారు అంత వోల్టేజీ చూస్తే తలుపు మూసేస్తుంది. సున్నా డిగ్రీల కింద ఛార్జ్ చేయకూడదన్నది ఇంకో నియమం. పావగడలో ఆ బెంగ లేదు. మన బెంగంతా వేడి. అందుకే ఇంజనుకు దూరంగా, గాలి ఆడేలా చుట్టూ రెండు వేళ్ళ సందు వదిలి బిగించాం.

"మిక్సీ ఎయ్యండి," అన్నాడు కుర్రాడు. లోడు చూడాలి. అమ్మ ఒలిచిన శెనక్కాయలు వేగి ఉన్నాయి, ఎండుమిరపకాయలు, చింతపండు, ఎల్లిపాయ.

"ఊరిబిండి రోట్లో దంచాల గానీ మిక్సీలోనా?" అమ్మకు ఒప్పుదల లేదు. ఈ ఒక్కసారికి ఒప్పుకుంది.

మిక్సీ గర్జించింది. మీటరు 42, 44. పాత బ్యాటరీతో ఈ పని చేస్తే లైట్లు గుడ్డివై ఇన్వర్టర్ కూతపెట్టేది. ఇప్పుడు వోల్టేజీ 13.3 నుంచి 13.1కి దిగి అక్కడే నిలబడింది. కుర్రాడి కళ్ళు మీటరు మీద లేవు. ఒక్కో లగ్గుకు కాస్త దూరంగా వేలు పెట్టి చూస్తున్నాడు. వదులుగా ఉన్న బోల్టు ముందుగా వేడెక్కి తన ఉనికి చెబుతుంది. అన్నీ చల్లగా ఉన్నాయి. అప్పుడు మాత్రమే "సరే అన్నా" అన్నాడు. రాగి సంగటి, ఊరిబిండి అతనికే మొదటి ముద్ద.

సాయంత్రం అతను పాత సీసం బ్యాటరీని తూకానికి వేసుకొని వెళ్ళిపోయాడు. పొద్దు వాలుతుంటే దూరపు నీలం బూడిద రంగయింది. మధ్యాహ్నమంతా పెద్ద తీగల మీద ఎక్కడెక్కడికో వెళ్ళిన కరెంటు ఇక రాదు. పలకల వరుసల బయట ఒక మంద దుమ్ము లేపుకుంటూ ఊరివైపు పోతోంది. మా మీటరు నూరు శాతం దగ్గర ఆగి ఉంది. నిన్న రాత్రి షాపులో నింపిందీ, ఇవాళ టాపు మీద పడిందీ.

రాత్రి మీరు పై బెర్తులో పడుకోండి. రెండు చిన్న ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఫ్రిజ్ కాసేపు గుర్రుమని, కాసేపు ఊరుకుంటోంది. ఊరుకున్నప్పుడల్లా నాకు మెలకువ వస్తుంది. రెండు గంటలకు లేచాను. మూడింటికీ లేచాను, ఆ మూడు గంటలే కదా. చీకట్లో అమ్మ గొంతు: "తిరుగుతా ఉందిరా. పడుకో."

ఆరు కావస్తోంది. మీటరు 71 శాతం, మైనస్ 58 ఆంపియర్ అవర్లు. ఫ్రిజ్ తలుపు తీసి లోపలి థర్మామీటరు చూశాను. 4 డిగ్రీలు. అమ్మ సీసా తీసి చెంపకు ఆనించుకొని, చల్లగా ఉందని తల ఊపి, లోపల పెట్టేసింది.

తూర్పున కొండ అంచు మీద వెలుగు గీత లేచింది. టాపు మీది పలకలకు మొదటి కిరణం ఏటవాలుగా తగిలింది. మీటరులో ఆంపియర్ల ముందున్న మైనస్ గుర్తు రెండుసార్లు వచ్చీపోయీ, తర్వాత రావడం మానేసింది. 0.4. 0.9. దూరంగా ఐదు ఊళ్ళ పొలాల్లోనూ ఇదే మొదలై ఉంటుంది.

అమ్మ కొంగు సర్దుకొని ముందు సీట్లో కూర్చుంది. "నాగలమడికెకు పోదామా?"