శిక్షణకు లెక్క ఉంది, చదువుకు లెక్కేది?

1823 ఆగస్టులో బళ్లారి కలెక్టర్ ఎ.డి. క్యాంప్‌బెల్ మద్రాసు రెవెన్యూ బోర్డుకు ఒక జవాబు రాసి పంపాడు. మీ జిల్లాలో బడులెన్ని, పిల్లలెందరు, ఏ కులం వాళ్లు ఎందరు, ఏం చదువుతున్నారు అని అంతకు ముందు ఏడాది గవర్నర్ థామస్ మన్రో కలెక్టర్లందరినీ అడిగించాడు. ఆ ప్రశ్నలకు బళ్లారి నుంచి వెళ్లిన జవాబు అది. అప్పటికి అనంతపురం జిల్లా లేదు. అది 1882లో గానీ బళ్లారి నుంచి విడిపోలేదు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పల్లెలన్నీ అప్పుడు బళ్లారి లెక్కలోనివే. అందుకని మన ప్రాంతపు బడుల చరిత్ర రాయాలనుకునేవాళ్లు ఎవరైనా ఆ జవాబు దగ్గర మొదలుపెట్టక తప్పదు.

జిల్లా జనాభా 9,27,857. బడులు 533. చదివే పిల్లలు 6,641 మంది. అంటే బడికి పన్నెండు మంది. జనంలో వెయ్యికి ఏడుగురు కూడా లేరు. బడుల్లో 226 తెలుగువి, 235 కన్నడవి. క్యాంప్‌బెల్ అంకెలతో ఆగలేదు. పిల్లలు పద్యాలు బట్టీ పడుతున్నారనీ, వాటి అర్థం వాళ్లకు చిలకకు తెలిసినంత కూడా తెలియదనీ రాశాడు. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు నేర్పే పద్ధతిని మెచ్చుకున్నాడు. ఇంతకు ముందు బడులున్న పల్లెల్లో ఇప్పుడు లేవని, జనం పేదవాళ్లయిపోవడమే కారణమని కూడా ఒప్పుకున్నాడు. కుంఫిణీ అధికారి అంత మాట రాయడం చిన్న సంగతి కాదు.

మేము చూసింది మాత్రం ఆ పట్టికలోని గళ్లను. బ్రాహ్మణులు, వైశ్యులు, శూద్రులు, ఇతర కులాలు, ముసల్మానులు. అంతే. సుగాలీలకు, ఎరుకలవాళ్లకు, యానాదులకు గడి లేదు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంటూ ఈ దారుల్లోనే తిరిగిన మా ముత్తాతల పిల్లలు "ఇతర కులాల"లో ఉన్నారో, అసలు ఎక్కడా లేరో ఆ పట్టిక చెప్పదు. తర్వాత 1911లో నేరస్థ జాతుల చట్టం మద్రాసు రాజధానికి వచ్చింది. అప్పుడు మాత్రం ఎరుకల కుటుంబాలను పేరుపేరునా నమోదు చేశారు, వేలిముద్రలతో సహా. బడి రిజిస్టర్ కంటే ముందు పోలీసు రిజిస్టర్ మాకు దొరికింది. ఆ చట్టం దేశమంతటా పోవడానికి 1952 దాకా ఆగాల్సి వచ్చింది.

మన్రో 1826లో తన అభిప్రాయం రాశాడు. మద్రాసు రాజధాని మొత్తంలో 12,498 బడులున్నాయని తేల్చి, చదువు పెరగకపోవడానికి పంతుళ్ల జీతం తక్కువ కావడం, వాళ్లకు తగిన తర్ఫీదు లేకపోవడం కారణాలన్నాడు. పంతులు నెలకు ఆరేడు రూపాయలు కూడా కళ్లజూడడని లెక్కేశాడు. మద్రాసులో పంతుళ్లకు తర్ఫీదిచ్చే బడి ఒకటి, జిల్లాకు పెద్ద బడులు, తాసీల్దారీకి ఒక బడి పెట్టాలన్నాడు. ఉపాధ్యాయ శిక్షణ సర్కారు కాగితాల మీదికి వచ్చింది ఇక్కడ, ఈ గడ్డను ఏడేళ్లు స్వయంగా పాలించి వెళ్లినవాడి చేత. తాసీల్దారీ బడులు పదేళ్లు నడిచి 1836లో రద్దయ్యాయి. శిక్షణ పొందిన పంతులు దగ్గర పిల్లలు ఎక్కువ నేర్చారా అని వాటిని ఎవరూ కొలవలేదు. కొలవకుండానే పెట్టారు, కొలవకుండానే తీసేశారు.

కొలత వచ్చింది ఆ శతాబ్దం రెండో సగంలో, అదీ డబ్బు రూపంలో. ఇన్‌స్పెక్టర్ బడికి వచ్చి ఒక్కో పిల్లవాడిని చదివించి, రాయించి, లెక్క చేయించి, పాసైనవాళ్లను బట్టి బడికి గ్రాంటు ఇచ్చేవాడు. ఫలితాన్ని బట్టి చెల్లింపు అన్నమాట. ఆ పద్ధతిలో పంతులు ఎవరి మీద కష్టపడతాడు? పాసవుతాడనుకున్న పిల్లవాడి మీదే. ఇది గుర్తుపెట్టుకోండి, నూరేళ్ల తర్వాత మళ్లీ వస్తుంది.

ఇక మన కాలానికి వస్తాం. 1986 జాతీయ విద్యా విధానం తర్వాత జిల్లాకో డైట్ వచ్చింది. అనంతపురం జిల్లా డైట్ బుక్కపట్నంలో పెట్టారు. పెనుకొండకూ ధర్మవరానికీ నడుమ ఉన్న ఊరు. మన మూడు పట్టణాల చుట్టూ పనిచేసే టీచర్లలో ఆ గేటు దాటనివాళ్లు తక్కువ. అదే రోజుల్లో బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం నడిచింది. పాత టీచర్లు ఏపీపీఈపీ అంటారు. 1984లో కొన్ని బడుల్లో ప్రయోగంగా మొదలై, 1989 తర్వాత రాష్ట్రమంతటా పాకింది. దానికి ఆరు సూత్రాలు. టీచరే కృత్యాలు తయారుచేయాలి. పిల్లలు చేసి నేర్చుకోవాలి. ఒంటరిగా, గుంపుగా, తరగతిగా పని చేయించాలి. పిల్లల మధ్య తేడాలను పట్టించుకోవాలి. చుట్టూ ఉన్న పరిసరాలను వాడాలి. పిల్లలు చేసినవి గోడలకు కట్టి తరగతిని కళకళలాడించాలి. టీచర్లు నలుగురూ కలిసి మాట్లాడుకోవడానికి టీచర్ సెంటర్లు పెట్టారు.

ఆ ఆరింటిలో మూడు మా కోసమే రాసినట్టుంటాయి. పరిసరాలంటే మాకు తండా, గుట్ట, మేకలు, ఈతాకు. తేడాలంటే ఇంట్లో గోర్‌బోలి మాట్లాడి బడిలో తెలుగు వినే పిల్ల. ఆ బొమ్మలు, గింజలు, పుల్లలు పట్టుకుని మా తరంలో కొందరం లెక్కలు నేర్చుకున్నాం కూడా. అందుకే ఈ పథకాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం.

అయితే దాని ఫలితం కొలవడానికి కూర్చున్నవాళ్లకు చిక్కులు వచ్చాయి. ఇంగ్లాండులోని ససెక్స్ విశ్వవిద్యాలయం నుంచి కోలిన్ లేసీ, బారీ కూపర్, హ్యారీ టోరెన్స్ ఈ పథకాన్ని మదింపు చేసి, అందులోని ఇబ్బందుల మీదే 1993లో ఒక వ్యాసం అచ్చు వేశారు. చిక్కు ఎక్కడుందో మనకూ అర్థమవుతుంది. గోడకు బొమ్మలున్నాయా, పిల్లలు గుంపులుగా కూర్చున్నారా అన్నది చూసి రాసుకోవచ్చు. పిల్లలు ఎక్కువ నేర్చారా అని తేల్చాలంటే శిక్షణ అందని బడి పక్కన ఉండాలి, శిక్షణకు ముందు పిల్లల స్థాయి ఏమిటో తెలియాలి. శిక్షణ రాష్ట్రమంతా పోయాక పోల్చడానికి బడి ఎక్కడిది? అందరికీ వానపడ్డాక ఏ చేను వానకు పండిందో, ఏది ఎరువుకు పండిందో చెప్పమన్నట్టే.

ఈ ముడిని కొంత విప్పిన పని 2005లో మొదలైంది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు రాష్ట్ర ప్రభుత్వం, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకుతో కలిసి ఐదు జిల్లాల్లో 500 పల్లె బడులను తీసుకున్నారు. ఏ బడికి ఏది ఇవ్వాలన్నది చీటీ వేసినట్టు తేల్చారు. ఏడాది మొదట్లో ఒక పరీక్ష, చివర్లో ఇంకొకటి. కొన్ని బడుల్లో టీచర్లకు బోనస్ పెట్టారు. పిల్లల సగటు మార్కులు 5 శాతం దాటి పెరిగిన ప్రతి శాతానికి 500 రూపాయలు. రెండేళ్లకు ఆ బడుల పిల్లలు గణితంలో 0.28, భాషలో 0.16 ప్రామాణిక విచలనాల మేరకు ముందున్నారు. మామూలు మాటల్లో చెప్పాలంటే, గణితంలో వందమందిలో సరిగ్గా నడుమ ఉన్న పిల్లవాడు దాదాపు 61వ మెట్టు ఎక్కినట్టు.

మన విషయానికి కావలసింది ఈ బోనస్ కాదు. అదే పరిశోధనలో బయటపడిన రెండు చిన్న సంగతులు. మొదటిది, మామూలు బడుల్లో టీచరుకు ఎంత చదువుంది, ఎంత శిక్షణ ఉంది అన్నదానికీ పిల్లల ప్రగతికీ పొంతన కనబడలేదు. బోనస్ ఉన్న బడుల్లో మాత్రం ఎక్కువ చదువు, ఎక్కువ శిక్షణ ఉన్నవాళ్ల పిల్లలే ఎక్కువ ముందుకెళ్లారు. అంటే శిక్షణ వృథా పోలేదు, మూటలో ఉంది. విప్పడానికి టీచరుకు ఏదో కారణం కావాలి. రెండోది మమ్మల్ని ఇంకా ఆలోచింపజేసింది. వేరే 100 బడులకు పిల్లలు ఎక్కడ వెనకబడ్డారో చూపే నివేదికలిచ్చి, వాటిని ఎలా వాడాలో చెప్పి, అప్పుడప్పుడు వెళ్లి చూశారు. చూసేవాళ్లు వచ్చినప్పుడు ఆ టీచర్లు మిగతావాళ్ల కంటే చురుగ్గా పాఠం చెప్పారు. ఏడాది చివరి పరీక్షలో పిల్లల మార్కుల్లో తేడా లేదు. తనిఖీ రోజున తరగతి చూసి శిక్షణ ఫలించిందని రాసే ప్రతి అధికారీ ఈ ఒక్క ముక్క చదవాలి.

బోనస్ అనగానే పాత ఇన్‌స్పెక్టర్ గ్రాంటు గుర్తుకొచ్చి ఉండాలి. ఈ పరిశోధకులకూ గుర్తుంది కాబోలు. చదువురాని పిల్లల్ని పరీక్షకు రాకుండా చేసి టీచరు లాభపడకుండా ముందే నియమాలు పెట్టుకున్నారు. అది ఎందుకు అవసరమో మా తండా లెక్కతో చెబుతాం. పదిహేను మంది పిల్లలున్న బడి అనుకోండి. సగటు 40 మార్కులు. అంటే మొత్తం 600. అందులో ఐదుగురికి తలా 10 మార్కులే. ఆ ఐదుగురూ అమ్మానాన్నలతో బెంగళూరుకు కట్టడం పనికి వెళ్లిపోయారు. మిగిలిన పదిమందికి 550. సగటు 55. ఎవరూ ఒక్క అక్షరం కొత్తగా నేర్వలేదు, బడి మాత్రం 15 మార్కులు పెరిగింది. ఆ ఏడాదే టీచరు శిక్షణకు వెళ్లివచ్చి ఉంటే, శిక్షణ బ్రహ్మాండంగా పనిచేసిందని నివేదిక తయారవుతుంది.

హిందూపురం నుంచి బెంగళూరు ఎంత దూరమో మీకు తెలుసు. వాన తప్పిన ఏడు తండాల్లో ముసలివాళ్లే మిగులుతారు. పిల్లల పేర్లు జూన్ రిజిస్టర్లో ఉంటాయి, ఏప్రిల్ పరీక్షలో ఉండవు. ధర్మవరంలో మగ్గం పక్కన దారం అందించిన పిల్లల సంగతీ ఒకప్పుడు ఇంతే.

ఇంకో సంగతి బయటివాళ్ల కొలతల్లో అరుదుగా కనబడుతుంది. తండా బడికి చాలాచోట్ల ఒకే టీచరు. ఆ అయ్యవారో, మేడమ్మో శిక్షణకు వెళ్తే ఆ వారమంతా బడికి తాళం. మేము చిన్నప్పుడు ఆ తాళం చూసి సంబరపడి గుట్టకు పరిగెత్తినవాళ్లమే. శిక్షణ వల్ల వచ్చిన లాభంలోంచి ఆ పోయిన రోజులను తీసేయాలి కదా? తీసి చూపిన కాగితం మా కంటపడలేదు.

భాష సంగతి సరేసరి. 2004 ప్రాంతంలో రాష్ట్రం ఎనిమిది గిరిజన భాషల్లో మాతృభాషా బోధన మొదలుపెట్టింది. బంజారా అందులో ఉంది, ఎరుకల భాష లేదు. తెలుగే సగం అర్థమైన పిల్లకు తెలుగులో లెక్కల పరీక్ష పెడితే మనం కొలిచింది లెక్కలనా, తెలుగునా? రెండో తరగతి సుగాలీ పిల్లను గోర్‌బోలిలో "ఎన్ని మేకలు మిగిలాయి" అని అడగండి, వెంటనే చెబుతుంది. అదే కాగితం మీద "శేషం ఎంత" అంటే తల వంచుకుంటుంది.

మరి కొలవలేమా? కొలవవచ్చు, ఖరీదు కూడా కాదు. హర్యానాలో 2012-13లో 400 బడుల్లో రోజుకు ఒక గంట కేటాయించి, పిల్లల్ని తరగతిని బట్టి కాకుండా చదవగలిగే స్థాయిని బట్టి కూర్చోబెట్టారు. బడికొచ్చి అండగా నిలిచే పర్యవేక్షకులను పెట్టారు. అక్కడ చదవడంలో తేడా కనబడింది. అదే తరహా శిక్షణను ఉత్తరాఖండ్‌లో ఇచ్చినప్పుడు బడి దినచర్య మారలేదు, ఫలితమూ రాలేదు. వాళ్లు పిల్లల స్థాయి చూసిన సాధనం అక్షరం, పదం, చిన్న పేరా, కథ. ఒక కాగితం, పిల్లకు ఐదు నిమిషాలు.

డిగ్రీ చదువుతున్న మన పిల్లలు ఈ పని చేయగలరు. జూన్‌లో, టీచరు శిక్షణకు వెళ్లకముందే, తండాలో ప్రతి పిల్ల పేరూ ఎక్కించి ఈ ఐదు నిమిషాల పరీక్ష పెట్టాలి. ఇంటి భాష ఏదో పక్కన రాయాలి. ఆ ఏడు టీచరుకు శిక్షణ లేని పక్క తండాలోనూ ఇదే చేయాలి. రెండు తండాలతో ఏమీ తేలదు, ఇరవై ముప్పై కావాలి. పెనుకొండ, సోమందేపల్లి, గోరంట్ల వైపు తండాలు కలిపితే అన్ని దొరుకుతాయి. ఏప్రిల్‌లో మళ్లీ అదే జాబితా పట్టుకుని వెళ్లాలి. బడిలో లేని పిల్ల ఇంటికి వెళ్లాలి. ఇంటికి తాళం ఉంటే ఫోన్ నంబరు కనుక్కుని, బెంగళూరులో ఏ కట్టడం దగ్గర ఉన్నారో అడిగి, వీలైతే అక్కడికీ వెళ్లాలి. వెళ్లలేకపోతే ఆ పేరు కొట్టేయకుండా ఆ గడిలో "వలస" అని రాసి, సగటు పక్కనే ఆ సంఖ్యనూ చూపాలి.